బుడ్డోడికి చెనక్కాయ డోసు మొదలుపెట్టే ముందు మా పాపకు రాసేది

పాపా,

చెనక్కాయలు పడని నీ బుడ్డోడిని బెంగళూరు తీసుకుపోయి, వాటినే కొంచెం కొంచెంగా తినిపించి అలవాటు చేసే ట్రీట్‌మెంట్ మొదలుపెడుతున్నారని మీ నాన్న ఫోన్లో చెప్పాడు. ఓరల్ ఇమ్యునోథెరపీ అని పేరు కూడా తప్పు లేకుండా పలికాడు, నువ్వెన్నిసార్లు చెప్పించి ఉంటావో. ఆ రాత్రి నాకు సరిగ్గా నిద్ర పట్టలేదు. భయమూ ఉంది, నిన్ను చూస్తే గర్వంగానూ ఉంది. మన అనంతపురంలో ఊరుబిండి పచ్చడి నుంచి చిత్రాన్నం, గుత్తివంకాయ దాకా చెనక్కాయలు వేయని వంట ఎక్కడుంది? అలాంటి ఊళ్లో ఇన్నేళ్లు వాణ్ణి కాపాడుకుంటూ వచ్చావు. పెళ్లిళ్లకు కూడా క్యారియర్ కట్టుకుని వస్తుంటే చుట్టాలు ఎన్ని మాటలన్నారో నేను పక్కనే ఉండి విన్నాను.

మొదలుపెట్టడం మంచిదే. కొత్త ప్రయోగాలు పిల్లాడి మీద చేస్తారా అని ఎవరైనా అంటే, కోడిగుడ్డు పడని ఒక పిల్లాడికి కొంచెం కొంచెంగా గుడ్డు ఇచ్చి అలవాటు చేసిన సంగతి 1908లోనే లాన్సెట్ పత్రికలో వచ్చిందని చెప్పు. అయితే దీంతో అలర్జీ పూర్తిగా పోతుందని మాత్రం అనుకోవద్దు. పొరపాటున నోట్లో పడితే ప్రాణం మీదకు రాకుండా ఒళ్లు కొంత ఓర్చుకునేలా చేస్తుంది, అంతే. రోజూ తినాలి, మానేస్తే ఆ ఓర్పు తగ్గిపోవచ్చు. అమెరికాలో 2020లో అనుమతి వచ్చిన పాల్‌ఫోర్జియా అనే చెనక్కాయ పొడి లెక్క చూడు. మొదటి రోజు ఆసుపత్రిలోనే అర మిల్లీగ్రాము ప్రొటీన్‌తో మొదలుపెట్టి 6 దాకా పోతారు, తర్వాత రెండు వారాలకోసారి పెంచుతూ ఆరు నెలలకు 300 మిల్లీగ్రాములకు తెస్తారు. అంటే సుమారు ఒక్క విత్తనం! 2018లో వచ్చిన దాని పెద్ద పరీక్షలో మందు తీసుకున్న పిల్లల్లో 67 శాతం మంది ఏడాది తర్వాత 600 మిల్లీగ్రాములు తట్టుకున్నారు. మిగిలినవాళ్లు తట్టుకోలేదు, లేదా మధ్యలో ఆపేశారు. మనవాడు ఆ రెండో గుంపులో పడినా నువ్వు ఓడిపోయినట్టు కాదు తల్లీ.

మీ డాక్టర్ చార్టు వేరుగా ఉండొచ్చు, అదే పాటించు. చలికాలంలో వాడికి పిల్లికూతలు వస్తాయి కదా, ఆ ఆస్తమా అదుపులోకి రాకుండా మొదలుపెట్టొద్దు. డోసు ఎప్పుడూ తిన్నాకే. మన పొలం కాయలే కదా అని ఇంట్లో పొడి కొట్టి చెంచాతో వేస్తే ఊరుకోను, డాక్టర్ ఇచ్చిన పొడి, డాక్టర్ చెప్పిన తూకం, అంతే. ఉడకబెట్టిన కాయకూ వేయించిన కాయకూ అలర్జీ తెప్పించే బలంలో తేడా ఉంటుంది, అందుకే ఒకటి బదులు ఇంకొకటి పెట్టకూడదు.

ఇక నా అసలు టెన్షన్. తాడిపత్రి దగ్గర మన చుట్టాల్లో ఒక పిల్ల ఇదే ట్రీట్‌మెంట్ తీసుకుంది, నీకు చెప్పలేదు ఇన్నాళ్లూ. డోసు పెంచిన రోజుల్లో ఏమీ కాలేదు. నెలలు బాగా గడిచాయి, అందరికీ ధైర్యం వచ్చేసింది. ఒకరోజు పిల్లకు జ్వరం, పొద్దున్నుంచీ సరిగ్గా తినలేదు. తల్లి ఆఫీసులో ఉంది. ఒక్కరోజు తప్పితే ఇన్ని నెలల కష్టం పోతుందని తాత ఎప్పటి డోసు ఇచ్చేశాడు. జ్వరంలో నిన్నటి డోసే ఇవాళ పడకపోవచ్చని ఆయనకు చెప్పినవాళ్లు లేరు, గోడకు అంటించిన చార్టులోనూ ఆ మాట లేదు. అరగంటకు పెదవులు వాచాయి, వాంతి చేసుకుంది. జ్వరం వాంతేలే అనుకుని దురదకు వాడే సిరప్ తాగించి చూస్తూ కూర్చున్నారు. దగ్గు మొదలై గొంతు బొంగురుపోయింది. ఇలాంటప్పుడు ప్రాణం కాపాడే అడ్రినలిన్ మందు ఆంప్యూల్ (చిన్న గాజు సీసా), సిరంజి అల్మారాలోనే ఉన్నాయి! గుండెకు వేసే సూది పసిపిల్లకు ఎలా వేస్తామని ఎవరూ ముట్టుకోలేదు. బైకు మీద ఇద్దరి మధ్యా కూర్చోబెట్టుకుని పోయారు, బీపీ పడిపోతున్న పిల్లను పడుకోబెట్టి కాళ్లు ఎత్తి ఉంచాలి, అలా నిటారుగా కూర్చోబెట్టడం ఎంత ప్రమాదమో వాళ్లకేం తెలుసు. పోయిన చోట కూడా ముందు ఏవిల్ అనే అలర్జీ సూది, స్టెరాయిడ్ ఇచ్చి చూశారు, బీపీ పడ్డాక గానీ అడ్రినలిన్ వేయలేదు. ఆ రాత్రి ఐసీయూ బయట ఆ తాత పక్కన నేను కూర్చున్నాను. పిల్ల బతికింది, ఇప్పుడు బడికి పోతోంది. ఆయన మాత్రం ఈనాటికీ చెనక్కాయల మూట చూస్తే మొహం తిప్పుకుంటాడు. వార్డులో ఇన్నేళ్లు పనిచేశాను, చేతికందే దూరంలో మందు ఉండి కూడా వేయకపోవడం నాకు ఎంతకీ మింగుడు పడదు.

అందుకని చెప్తున్నా. జ్వరం వచ్చినా, వాంతులు విరేచనాలైనా ఆరోజు డోసు ఇవ్వకముందే డాక్టర్‌కు ఫోన్ చెయ్యి. వరసగా రోజులు తప్పితే నీ అంతట నువ్వు పాత డోసు మొదలుపెట్టొద్దు. డోసు తర్వాత రెండు మూడు గంటలు పరుగులు, ఆటలు, వేడినీళ్ల స్నానం వద్దు. నిద్రపోయే ముందు ఇవ్వొద్దు, మెలకువగా నీ కళ్లముందుండాలి. డోసు పెంచిన రోజు ఆసుపత్రిలో గమనించే టైం అయిపోగానే బస్సెక్కకుండా ఆ రాత్రి బెంగళూరులోనే ఉండండి, దారిలో ఏదైనా అయితే ఎక్కడ ఆపుతారు?

ఇక అడ్రినలిన్ సూది సంగతి. పిల్లలకు కేజీకి 0.01 మిల్లీగ్రాము, అంటే 18 కేజీల మనవాడికి మిల్లీలీటరుకు ఒక మిల్లీగ్రాముండే ఆంప్యూల్ నుంచి 0.18 మిల్లీలీటర్లు. డాక్టర్ చేతే రాయించుకుని, సిరంజి మీద గీత కూడా పెట్టించు. బరువు పెరిగేకొద్దీ మళ్లీ అడుగు. తొడ బయటి వైపు మధ్యలో, కండలోకి, నిక్కరు మీద నుంచైనా సరే. ఊపిరాడకపోయినా, గొంతు మారినా, సొమ్మసిల్లినా ముందు అదే, సిరప్‌లు తర్వాత. తగ్గకపోతే ఐదు నిమిషాలకు రెండోది. తగ్గినా ఆసుపత్రికి పోవాల్సిందే, కొన్ని గంటల తర్వాత రియాక్షన్ మళ్లీ రావచ్చు. మన ఎండలకు ఆంప్యూల్‌ను కారులో వదలొద్దు.

నీకొక్కదానికే తెలిస్తే చాలదు. ఆదివారం మీ అత్తగారినీ మామగారినీ మీ ఆయననూ తీసుకుని మా ఇంటికి రా. సిరంజిలు, డిస్టిల్డ్ వాటర్ తెప్పిస్తాను, చీనీకాయల మీద ఒక్కొక్కరి చేతా పొడిపిస్తాను, మీ మామగారి చేయి వణకడం ఆగేదాకా వదలను. మొదటి డోసు రోజు నేనూ బెంగళూరు వస్తున్నాను, నాకూ ఒక టికెట్ తీయి.

మీ అత్త