పది పాసయ్యాం మేడమ్, ఇప్పుడేంది?

పదో తరగతి ఫలితాలు వచ్చిన దగ్గర్నుంచి ఈ శీర్షికకు ఉత్తరాలు, వాట్సాప్ మెసేజ్‌లు ఆగడం లేదు. అందుకే ఈసారి పేజీ మొత్తం పది రాసిన పిల్లలకే ఇస్తున్నా. కర్నూలు, అనంతపురం, కడప మూడు ఉమ్మడి జిల్లాల నుంచి వచ్చినవాటిలో కొన్ని తీసుకున్నా. పేర్లు వేయడం లేదు, ఊరు మాత్రమే. దాదాపు అందరూ మార్కులు మొదటి లైన్లోనే రాశారు, ఏం కావాలనుందో మాత్రం చివర్లో ఎక్కడో భయపడుతూ రాశారు. నేను ఆ చివరి లైను పట్టుకునే జవాబు చెప్తున్నా.

మాది ఆదోని పక్కన పల్లె. జిల్లా పరిషత్ బడిలో చదివి 600కి 547 తెచ్చుకున్నా. ట్రిపుల్ ఐటీకి అప్లై చేస్తానంటే మా నాయన, ఆడపిల్లను ఆరేళ్లు అంత దూరం పంపేది లేదంటున్నాడు. మేనమామకి ఇవ్వాలని అనుకుంటున్నారని అవ్వ చెప్పింది. ప్రతి ఏడూ అమ్మా నాయనా గుంటూరు వైపు మిరపకాయలు కోయడానికి సుగ్గికి పోతే నేనూ తమ్ముడూ అవ్వ దగ్గర ఉండి చదువుకున్నాం. నాకు కంప్యూటర్ ఇంజినీర్ కావాలని ఉంది. నాయనకు ఎదురు చెప్పలేను. ఎలా అడగాలి మేడమ్?

తల్లీ, అమ్మానాయనా ఊర్లో లేని నెలల్లో కూడా పుస్తకం వదలకుండా 547 తెచ్చుకున్నావు, ముందు దానికి నా అభినందనలు. ఇప్పుడు మీ నాయన మాట చూద్దాం. ఆయన వద్దంటున్నది చదువునా, దూరాన్నా, ఖర్చునా? ఈ మూడూ కలిపి ఒకేసారి వాదిస్తే ఏదీ తేలదు, అందుకని విడివిడిగా మాట్లాడు.

దూరం సంగతి. ట్రిపుల్ ఐటీలు 2008లో పెట్టిందే మీలాంటి పల్లె బడుల పిల్లల కోసం. నూజివీడు, ఇడుపులపాయ, ఒంగోలు, శ్రీకాకుళం, ఇవీ నాలుగు క్యాంపస్‌లు. వాటిలో ఇడుపులపాయ మన కడప జిల్లా వేంపల్లి దగ్గరే ఉంది. హాస్టల్ క్యాంపస్ లోపలే. ప్రవేశ పరీక్ష లేదు, పది మార్కులే లెక్క, ప్రభుత్వ బడిలో చదివినవాళ్లకు కొంత అదనంగా కలుపుతారు, కాబట్టి నీ 547 ఊరికే పోదు. ఇంకొకటి, ఆరేళ్లు అనగానే ఇంట్లో భయపడతారు, నువ్వు ఆ మాట అనకు. అది రెండేళ్లు పీయూసీ, తర్వాత నాలుగేళ్లు బీటెక్. పీయూసీ ఇంటర్‌తో సమానం, అది అయ్యాక వేరే చోట డిగ్రీ చదవాలన్నా చదువుకోవచ్చు. "నాయనా, రెండేళ్లు పంపు, తర్వాత మళ్లీ మాట్లాడుకుందాం" అని అడుగు. ఇది మభ్యపెట్టడం కాదు, ఉన్నదే చెప్తున్నావు.

అడగడానికి ఒక్కదానివే పోవద్దు. మీ హెడ్‌మాస్టర్ గారినో, నీకు బాగా చెప్పిన టీచరమ్మనో ఒక సాయంత్రం ఇంటికి రమ్మను. మన పల్లెల్లో బిడ్డ చెప్తే కాదనే నాయన, సార్ వచ్చి అరుగు మీద కూర్చుని చెప్తే కాసేపు వింటాడు. అమ్మతో ముందే మాట్లాడి ఉంచు. ఈలోగా అప్లికేషన్ మాత్రం వేసెయ్. అప్లై చేసినంత మాత్రాన చేరినట్టు కాదు, కానీ తేదీ దాటిపోతే నాయన ఒప్పుకున్నా లాభం ఉండదు. ఫీజు, రీయింబర్స్‌మెంట్ వివరాలు కౌన్సెలింగ్‌లో ఇద్దరూ కలిసి అడగండి, ఆయన చెవులతో ఆయనే వింటే మంచిది.

ఇక పెళ్లి మాట. పద్దెనిమిదేళ్లు నిండకుండా ఆడపిల్లకు పెళ్లి చేయడం 2006 చట్టం ప్రకారం నేరం, మేనమామ అయినా అంతే. నాయన మీద ఫిర్యాదు చేయమని నేను చెప్పడం లేదు. టీచర్‌తోనో, సచివాలయంలో మహిళా పోలీసుతోనో చెప్పించు. కానీ మాటలు దాటి తాంబూలాల దాకా వెళ్తే మాత్రం ఆగొద్దు, 1098కి ఫోన్ చెయ్. అది పిల్లల కోసమే ఉన్న నంబర్, డబ్బులు పడవు.

ట్రిపుల్ ఐటీ కుదరకపోతే చదువు అక్కడితో ఆపేయకు. ఏపీఆర్‌జేసీ పరీక్ష రాసి ఉంటే ఎమ్మిగనూరు దగ్గర బనవాసిలో ఆడపిల్లల రెసిడెన్షియల్ జూనియర్ కాలేజీ ఉంది, మీకు దగ్గరే. అది రాయకపోతే ఇంటర్ ఉన్న కస్తూర్బా విద్యాలయం చూడు. ఎనిమిదిలో పరీక్ష రాసి ఎన్ఎంఎంఎస్ స్కాలర్‌షిప్ తెచ్చుకుని ఉంటే ఏడాదికి 12,000 రూపాయలు ఇంటర్ వరకూ వస్తాయి, కాకపోతే ప్రభుత్వ కాలేజీలో చేరాలి, పోర్టల్‌లో ఏటా రెన్యూవల్ చేసుకోవాలి. చాలామంది పిల్లలు ఈ రెన్యూవల్ మర్చిపోయి ఆ డబ్బు పోగొట్టుకుంటున్నారు, నాకు అదే బాధ.

గుంతకల్లు నుంచి. 388 మార్కులు. మా క్లాసులో అందరూ ఎంపీసీలో చేరుతున్నారు. నాకు మోటార్లు విప్పి బిగించడం ఇష్టం, వైండింగ్ షాపులో అన్న పక్కన కూర్చుని చూస్తుంటా. పాలిటెక్నిక్ కోసం పాలిసెట్ రాశా, ర్యాంకు పెద్దగా రాలేదు. ఐటీఐ చేస్తానంటే మా పెద్దమ్మ కొడుకు నవ్వినాడు. ఐటీఐలో చేరితే అక్కడితో అయిపోయినట్టేనా?

కాదు నాయనా. నవ్వినవాళ్లకు ఆ దారి ఎక్కడిదాకా పోతుందో తెలియక నవ్వారు, అంతే.

ఐటీఐ ఎలక్ట్రీషియన్ రెండేళ్లు. అది చేతిలో ఉంటే అప్రెంటిస్‌షిప్ చేయొచ్చు, స్టైపెండ్ ఇస్తారు. మీ ఊరు రైల్వే డివిజన్ కేంద్రం, అక్కడ రోజూ కనబడే ఇంజిన్ నడిపే అసిస్టెంట్ లోకో పైలట్ ఉద్యోగానికి పదితోపాటు కొన్ని ట్రేడుల్లో ఐటీఐ అర్హత సరిపోతుంది. కరెంటు కంపెనీల్లో లైన్‌మన్ పోస్టులకు అడిగేదీ ఐటీఐ ఎలక్ట్రికల్లే. పెనుకొండ దగ్గర కియా వచ్చి 2019 నుంచి కార్లు తయారవుతున్నాయి, ఓర్వకల్లు వైపు వెయ్యి మెగావాట్ల సోలార్ పార్క్ ఉంది, రామగిరి కొండల మీద గాలిమరలు తిరుగుతున్నాయి. ఇవన్నీ మన సీమలోనే ఉన్నాయి, ఇన్నింటిలోనూ మోటార్, వైరింగ్ తెలిసిన చేతులు కావాలి.

పాలిసెట్ ర్యాంకు చూసి కౌన్సెలింగ్ మానేయకు. మన దగ్గరి కాలేజీల్లో రాకపోయినా దూరంగా వస్తుంది, మిగిలిన సీట్లకు తర్వాత స్పాట్ అడ్మిషన్లు కూడా ఉంటాయి. డిప్లొమా మూడేళ్లు, ఆ తర్వాత ఈసెట్ రాస్తే నేరుగా బీటెక్ రెండో ఏడాదిలోకి పోవచ్చు. నా మాట అడిగితే, ప్రభుత్వ పాలిటెక్నిక్‌లో ఈఈఈ, అంటే ఎలక్ట్రికల్ బ్రాంచి వస్తే కళ్లు మూసుకుని చేరు. అది రాకపోతే అప్పు చేసి ఏదో ఒక బ్రాంచిలో చేరడం కంటే ప్రభుత్వ ఐటీఐలో ఎలక్ట్రీషియన్ చాలా మేలు, ఎందుకంటే నీకు ఇష్టమైన పని మొదటి రోజు నుంచే చేతికి వస్తుంది. చేరేముందు ఆ ఐటీఐకి ఒకసారి పోయి వర్క్‌షాప్ చూడు, మెషీన్లు వాడుతున్నారా, సార్లు రోజూ వస్తున్నారా అని రెండో ఏడాది పిల్లల్ని అడుగు. బోర్డు మీద ఏముందో అది అంత ముఖ్యం కాదు.

నందికొట్కూరు నుంచి ఒక అన్న. మా తమ్ముడికి లెక్కల్లో 29 వచ్చింది, మిగతావన్నీ పాస్. రెండు రోజులుగా సరిగా తినడం లేదు, ఎవరితోనూ మాట్లాడటం లేదు. ఇంట్లో నాయన తిడుతున్నాడు.

ముందు తిట్లు ఆపించు. ఈ ఒక్క పని నువ్వు ఈ రోజే చెయ్, మిగతావి రేపు చూసుకోవచ్చు. రాత్రుళ్లు వాణ్ని ఒంటరిగా పడుకోనివ్వకు, నువ్వు పక్కన ఉండు. చచ్చిపోతానని గానీ, బతికి లాభం లేదని గానీ ఒక్క మాటన్నా తేలిగ్గా తీసుకోకు, 14416కి ఫోన్ చెయ్. అది టెలీ మానస్, మనసు బాగాలేనివాళ్ల కోసం ఉన్న ప్రభుత్వ హెల్ప్‌లైన్, ఉచితం, తెలుగులోనే మాట్లాడతారు. పక్కన కూర్చుని నువ్వే కలిపి ఇవ్వు. అవసరమైతే వెంటనే ఆస్పత్రికి తీసుకుపో.

పాస్‌కి కావాల్సింది 35, పోయింది ఆరు మార్కులు. పేపర్ బాగా రాశానని వాడు గట్టిగా అంటే రీకౌంటింగ్ కానీ రీవెరిఫికేషన్ కానీ పెట్టించు, కానీ దాని మీదే ఆశ పెట్టుకుని సప్లిమెంటరీ ఫీజు కట్టడం మానొద్దు. సప్లిమెంటరీ రాసి పాసయితే ఈ ఏడాదే ఇంటర్‌లోనో, ఐటీఐలోనో చేరిపోవచ్చు, ఏడాది పోదు. బడి లెక్కల సార్ దగ్గరికి తీసుకెళ్లు, ఆయన వాడి పేపర్ ఎక్కడ పోయిందో రెండు నిమిషాల్లో చెప్పేస్తాడు. పుస్తకం మొత్తం మళ్లీ తిరగేయాల్సిన పని లేదు, వాడికి కొంచెం వచ్చిన పాఠాలే పూర్తిగా వచ్చేలా చేస్తే గట్టెక్కుతాడు.

ప్రొద్దుటూరులో బట్టల వ్యాపారం మాది. మా పాపకు 581 వచ్చాయి. విజయవాడలో పెద్ద కాలేజీ వాళ్లు ఫోన్ల మీద ఫోన్లు చేస్తున్నారు, ఎంపీసీలో చేర్చండి, ఫీజు తగ్గిస్తాం అని. పాప మాత్రం సీఈసీ (సివిక్స్, ఎకనామిక్స్, కామర్స్) చదివి లాయర్ అవుతానంటోంది. ఇన్ని మార్కులొచ్చి సీఈసీ ఏంటని అందరూ అంటున్నారు. మార్కులు వేస్ట్ అయిపోవా?

అన్నా, 581 వచ్చిన పిల్ల తనకేం కావాలో కూడా చెప్పగలుగుతోంది, మీరు రాసినలాంటి ఉత్తరం నాకు రోజూ వస్తే ఎంత బాగుండునో. మార్కులు ఎంపీసీ కోసం ఇచ్చినవి కావు కదా, వేస్ట్ ఎలా అవుతాయి?

ఇంటర్ తర్వాత ఐదేళ్ల లా ఉంది. రాష్ట్రంలో లాసెట్, జాతీయ లా యూనివర్సిటీలకు క్లాట్. క్లాట్‌కి ఇంటర్‌లో ఏ గ్రూపైనా సరే. అంటే మీరు బలవంతంగా ఎంపీసీ చదివించినా తర్వాత ఆ పిల్ల లా వైపే పోవచ్చు, మధ్యలో పోయేది రెండేళ్ల నిద్ర మాత్రమే. విశాఖపట్నంలో జాతీయ లా యూనివర్సిటీ ఉంది, దానికి దామోదరం సంజీవయ్య గారి పేరు పెట్టారు. కర్నూలు పక్కన పెదపాడులో పేద కుటుంబంలో పుట్టి, లా చదివి, 1960లో ముఖ్యమంత్రి అయ్యారాయన. ఈ సంగతి మీ ఇంటికి వచ్చి "సీఈసీ ఏంటి" అనేవాళ్లకు చెప్పండి. పాపతో నేను చెప్పమన్నానని ఒక్కటి చెప్పండి, క్లాట్‌లో ఇంగ్లిష్ చదివి అర్థం చేసుకునే శక్తే ఎక్కువ చూస్తారు, కాబట్టి ఈ వేసవి నుంచే రోజూ ఒక ఇంగ్లిష్ పేపర్ చదవమనండి. వీలైతే ప్రొద్దుటూరు కోర్టులో మీకు తెలిసిన వకీలు దగ్గరికి ఒకరోజు తీసుకెళ్లండి, నల్లకోటు వెనక ఎంత ఫైళ్ల పని ఉంటుందో చూశాక కూడా ఇష్టం అలాగే ఉంటే ఇక మీరు ఆలోచించాల్సింది లేదు.

పులివెందుల దగ్గర పల్లె. 455 మార్కులు. మాకు అరటి తోట ఉంది. నాకు తోటలోనే ఉండాలని ఉంది. ఇంట్లో మాత్రం "మేము పడిన కష్టం నువ్వు పడొద్దురా" అంటారు. సేద్యం చేస్తానంటే ఏడ్చినంత పని చేస్తుంది మా అమ్మ.

ఈ ఉత్తరం చదివి చాలాసేపు ఆలోచించాను. బోర్లు ఎండిపోవడం, గాలివానకు చెట్లు పడిపోవడం, ధర లేక గెలలు తోటలోనే వదిలేయడం, ఇవన్నీ మీ అమ్మ చూసింది. ఆమె భయం తప్పని నేను చెప్పలేను. నీ ఇష్టం కూడా తప్పు కాదు. మధ్యలో ఒక దారి ఉంది, సేద్యాన్ని చదువుకుని రా.

పది తర్వాత వ్యవసాయ పాలిటెక్నిక్‌లో రెండేళ్ల డిప్లొమా ఉంది, రంగా వ్యవసాయ విశ్వవిద్యాలయం వాళ్లది. ఉద్యానం, పశుపోషణకూ అలాంటి డిప్లొమాలే ఉన్నాయి. తర్వాత అగ్రిసెట్ రాసి బీఎస్సీ అగ్రికల్చర్‌లో చేరొచ్చు. లేదంటే బైపీసీ చదివి ఈఏపీసెట్ ద్వారా పో. రైతు కుటుంబాల పిల్లలకు కోటా ఉంది, దానికి పట్టాదారు పాస్‌పుస్తకం, పల్లెలో చదివినట్టు స్టడీ సర్టిఫికెట్ కావాలి, రెండూ ఇప్పుడే భద్రం చేసుకో. డిప్లొమా ఉంటే గ్రామ వ్యవసాయ సహాయకుడి పోస్టుకు అర్హత వస్తుంది, అమ్మకు ఈ మాట ముందు చెప్పు, జీతం మాట వింటే ఆమెకు కొంచెం ధైర్యం వస్తుంది.

2020లో తాడిపత్రి నుంచి అరటి ఏసీ కంటైనర్లలో రైలెక్కి ముంబై రేవుకు, అక్కడి నుంచి విదేశాలకు పోయింది. అలా పోవాలంటే గెల ఎప్పుడు కోయాలి, కాయ మచ్చ పడకుండా ఎలా కడిగి పెట్టెలో పెట్టాలి, చలి ఎంత ఉండాలి అని తెలిసినవాడు కావాలి. తోటలోనే ఉంటానంటున్న నువ్వు అది నేర్చుకుంటే మీ ఇంటికే కాదు, మీ ఊరికంతా పనికొస్తావు.

కదిరి నుంచి. నేను చదివిన ప్రైవేటు బడికి 14,000 ఫీజు బాకీ ఉంది. కట్టేదాకా టీసీ ఇవ్వమంటున్నారు. కాలేజీలో చేరే గడువు దగ్గరపడుతోంది, టెన్షన్‌గా ఉంది.

మార్కుల మెమో డిజిటల్ కాపీ డిజిలాకర్‌లో దొరుకుతుంది, దానికి బడి గడప తొక్కాల్సిన పని లేదు. దాంతో కాలేజీలో ప్రొవిజనల్‌గా చేర్చుకోమని అడుగు, టీసీ తర్వాత ఇస్తామని మీ నాయన చేత రాయించి ఇవ్వు. టీసీ కోసం మీ అమ్మానాయనల్లో ఒకరు బడికి పోయి, నెలకు ఇంత అని కడతామని కాగితం రాసి అడగాలి. అప్పటికీ ఇవ్వకపోతే మండల విద్యాధికారికి రాతపూర్వకంగా ఫిర్యాదు ఇవ్వండి, ఒక కాపీ మీద ముట్టినట్టు సంతకం, తేదీ వేయించుకోండి. నోటిమాటగా చెప్పి వచ్చేస్తే ఎవరూ గుర్తుపెట్టుకోరు.

ఈలోగా సచివాలయంలో కులం, ఆదాయం సర్టిఫికెట్లకు అప్లై చెయ్, జూన్‌లో అందరూ ఒకేసారి వస్తే ఆలస్యమవుతుంది. మెమోలో పేరు, ఇంటిపేరు, పుట్టినతేదీ ఆధార్‌తో సరిపోయాయో లేదో అక్షరం అక్షరం చూసుకో. మెమోలో తేడా ఉంటే హెడ్‌మాస్టర్ ద్వారానే దిద్దించాలి కాబట్టి, టీసీ అడగడానికి పోయిన రోజే ఆ అర్జీ కూడా ఇచ్చి రా.