ఎలుకను కొట్టేయకు

అమ్మాయీ,

డిప్రెషన్ మందుల మీద నువ్వు రాసిన వ్యాసం రెండుసార్లు చదివాను. ఎక్కువగా వాడే మాత్రలు మెదడులో సెరటోనిన్ అనే రసాయనాన్ని గంటల్లోనే పెంచుతాయి, మనసు కుదుటపడడానికి మాత్రం వారాలు పడుతుంది. ఈలోగా కణం లోపల ఏం జరుగుతోంది? నీ వ్యాసానికి ప్రాణం ఈ ప్రశ్నే. దాన్ని నాలుగో పేజీలో దాచిపెట్టావు. మొదటికి తీసుకురా.

ఇక కెటమిన్ సంగతి. ఆపరేషన్లలో మత్తుకు వాడే ఈ మందును చిన్న మోతాదులో ఇస్తే డిప్రెషన్ మూడు రోజుల్లోపే తగ్గిందని 2000లో యేల్ విశ్వవిద్యాలయ పరిశోధకులు చెప్పారు. పరీక్ష పూర్తిచేసింది ఏడుగురే. ఆ అంకె వదలకుండా రాశావు, శభాష్. 2010లో అక్కడి డ్యూమన్ బృందం ఎలుకల్లో కారణం వెతికింది. ఎంటార్ అనే ప్రోటీన్ చురుకెక్కి, నాడీకణాలు ఒకదానితో ఒకటి మాట్లాడుకునే కొత్త అతుకులు, అంటే సైనాప్సులు, మొలిచాయి. ఎంటార్‌ను అడ్డుకునే రాపమైసిన్ ముందుగా ఇస్తే ఆ మేలు కనబడలేదు.

నువ్వేమో ‘ఎంటార్ స్విచ్ వేస్తే డిప్రెషన్ పోతుందని తేలింది’ అన్నావు. వాక్యం నడక కోసం ‘ఎలుకల్లో’ అన్న మాట కొట్టేసినట్టున్నావు. 2020లో మనుషులకే రాపమైసిన్ ఇచ్చి చూశారు. కెటమిన్ పని ఆగకపోగా, రెండు వారాల తర్వాత కూడా మేలు నిలిచినవాళ్లు 41 శాతం. రాపమైసిన్ బదులు ఉత్తుత్తి మాత్ర వేసుకుని కెటమిన్ తీసుకున్నప్పుడు 13 శాతమే. అంతా కలిపి ఇరవై మందే అనుకో. అయినా నీ స్విచ్ కథ అక్కడే చెడింది. పైగా ఎంటార్ మెదడు సొత్తు కాదు, ఒళ్లంతా కణాల పెరుగుదలను నడిపేది అదే. క్యాన్సర్ వైద్యులు దాన్ని అణచడానికి మందులు వాడతారు. తూము ఎత్తితే మన చేనొక్కటే తడవదు కదా.

కొత్తలో నేనూ ‘డిప్రెషన్‌కు మందు దొరికింది’ అని రాశాను. ఆ పేపరు ముక్కను నాలుగు మడతలు పెట్టి జేబులో వేసుకుని ఒక పెద్దాయన మా ఇంటికి వచ్చాడు. కొత్త మందు వస్తోంది కదా అని కూతురు వేసుకునే మాత్రలు మానేసిందట. ఎక్కడ దొరుకుతుందో చెప్పమన్నాడు. అది ఇంకా ఎలుకలను దాటలేదని చెప్పడానికి నాకు నోరు పెగల్లేదు.

కెటమిన్‌లోని ఒక రూపమైన ఎస్‌కెటమిన్ ముక్కు స్ప్రేకు 2019లో అమెరికా అనుమతి ఇచ్చిందన్నావు. మందు తీసుకున్నాక కనీసం రెండు గంటలు వైద్యుల కనుసన్నల్లో ఉండాలన్న షరతునూ చేర్చు. నాడీకణాలను పెంచి పోషించే బీడీఎన్ఎఫ్ అనే ప్రోటీన్ మీద రాసిన పేరా ముట్టుకోకు, బాగుంది. తిరగరాసి ఆదివారంలోగా పంపు.

ఆశీస్సులతో,
మీ మాస్టారు