లూపర్ కొన్న మేనల్లుడికి

అమలాపురం

అల్లుడూ,

లూపర్ పెడల్, అదే, వాయించింది రికార్డు చేసి మళ్లీ మళ్లీ తిప్పి వినిపించే కాలి పెట్టె, కొన్నావనీ, వారం తిరక్కుండానే మూల పడేశావనీ అమ్మ ఫోన్‌లో చెప్పింది. రికార్డు చేసింది తిరిగి మొదలయ్యే చోట ప్రతిసారీ ఎక్కిళ్లు పడుతోందటగా? పెడల్‌ని తిట్టకురా, కాలికి సాధన లేదంతే.

గిటార్ కాసేపు పక్కన పెట్టు. చెప్పులు విప్పెయ్, హవాయి చెప్పుతో తొక్కితే స్విచ్ ఎప్పుడు దిగిందో తెలీదు. మడమ నేలకి ఆనించి వేళ్ల దగ్గరి పాదం మాత్రం స్విచ్ మీద తేలిగ్గా ఉంచు. టిక్ టిక్‌మని తాళం వేసే మెట్రోనోమ్‌ని నిమిషానికి 80 దెబ్బల మీద పెట్టుకో. అంటే ఒక్కో దెబ్బకి ముప్పావు సెకను, నాలుగు దెబ్బల బార్‌కి 3 సెకన్లు, నాలుగు బార్లకి 12. రికార్డు మొదలుపెట్టే మొదటి నొక్కు ఒకటో దెబ్బ మీద పడాలి, అది నీకూ తెలుసు. రికార్డు ముగించి లూపు తిప్పే రెండో నొక్కు దగ్గరే అందరూ తేలిపోతారు. నాలుగో బార్‌లో నాలుగో దెబ్బ మీద నొక్కేస్తే లూపు 11.25 సెకన్లకే తెగుతుంది, పాట కుంటుతుంది. నొక్కాల్సింది ఐదో బార్ ‘ఒకటి’ మీద. అందుకని నాలుగు బార్లూ అయిపోయాయని చెయ్యి తీసెయ్యకు. ఐదోది కూడా వాయించబోతున్నట్టే తీగ మీటు, అదే క్షణంలో కాలు దించు. ముందు ఒట్టి చప్పట్లతో, తర్వాత ఒక్క ఏ మైనర్ కార్డుతో చెయ్యి. కార్డులు మార్చడం తర్వాత చూద్దువుగాని.

ఇంకోటి. కొన్ని పెడళ్లు రెండో నొక్కుకి నేరుగా ఓవర్‌డబ్‌లోకి, అంటే ఉన్నదాని మీద ఇంకోటి రికార్డు చెయ్యడంలోకి, పోతాయి, కొన్ని ఒట్టినే వినిపిస్తాయి. నీదేదో చూసుకో. లేకపోతే నువ్వు ఊరికే తడుముకున్నవి కూడా లూపులో ఎక్కి కూర్చుంటాయి.

వైర్ల సంగతి. గిటార్ నుంచి ట్యూనర్, మోతని గరుకు చేసే డిస్టార్షన్, ప్రతిధ్వని ఇచ్చే డిలే, అన్నిటి తర్వాత లూపర్, అక్కణ్ణించి ఆంప్. ఇలా పెడితే శుభ్రంగా రికార్డు చేసిన కార్డులు శుభ్రంగానే తిరుగుతుంటాయి, పైన నువ్వు డిస్టార్షన్‌తో లీడ్ వాయించుకోవచ్చు. లూపర్‌ని డిస్టార్షన్‌కి ముందు పెడితే రెండూ ఒకే డిస్టార్షన్‌లో పడి బురద బురదగా వినిపిస్తాయి. ఆంప్‌లోని డిస్టార్షనే వాడతానంటావా, వెనకాల సెండ్, రిటర్న్ అని రెండు సాకెట్లు ఉంటే లూపర్‌ని వాటి మధ్య పెట్టు.

ఒకదాని మీద ఒకటిగా రికార్డు చేసే వరసలు పెంచకు. నన్నడిగితే రెండు చాలు. మొదట లావు తీగల మీద అరచేతి అంచు ఆన్చి బేస్ నడక, దాని మీద సన్న తీగల్లో ఖాళీలు వదిలి కార్డులు. ఈ రెండూ మెడ వైపు పికప్‌తో (తీగల కింద మోత పట్టే భాగం), టోన్ కాస్త తగ్గించి వాయించు. లీడ్‌కి బ్రిడ్జి వైపు మార్చు. లూప్ లెవెల్ నీ లీడ్ కన్నా ఒక పిసరు తక్కువుండాలి. ఒక్కో పికప్‌లో ఒకే తీగచుట్ట ఉండే సింగిల్ కాయిల్ గిటార్ అయితే వరస వేసిన ప్రతిసారీ ‘గుయ్’మనే హమ్ కూడా చేరుతుంది, ఆ గోల వేరే.

పెళ్లి స్టేజీ ఎక్కినప్పుడు అసలు తంటా రిథమ్ ప్యాడ్ కుర్రాడితో. లూపు ఎవరి కోసమూ ఆగదు, మనవాళ్లేమో ఊపు వస్తే పరిగెత్తేస్తారు. అతను వినే మానిటర్ స్పీకర్‌లో నీ లూపు గట్టిగా పెట్టించు. అతనికి వినపడకపోతే ఆ పాటకి లూపర్ ముట్టుకోకు. కరెంటు పోయి జనరేటర్ మీదకి మారేటప్పుడు పెడల్ ఆరి వెలుగుతుంది, ఆ కాసేపు ఒట్టి రిథమ్ వాయించడానికి సిద్ధంగా ఉండు.

స్టేజీ దగ్గర ప్లగ్గు లేని వైర్లు సాకెట్‌లో అగ్గిపుల్లలతో గుచ్చే వాళ్లుంటారు. అలాంటి బోర్డులో నీ ఆంప్ పెట్టనివ్వకు. మూడు పిన్నుల ప్లగ్గు, ఎర్త్ ఉన్న బోర్డు అడుగు. తీగల మీద చేతులు, మైకు దగ్గర పెదవి, కింద కాలవగట్టు తడి నేల, పైగా చెప్పులు విప్పమన్నది నేనే! నేల చెమ్మగా ఉంటే ఎండు చెక్క బల్ల వేయించుకుని దాని మీద నిలబడు. ఎర్త్ లేనిచోట చెక్క ఉందని ధైర్యం చెయ్యకు.

అడాప్టర్ కొనేముందు పెడల్ మీద రాసింది చదువు. ఎక్కువగా 9 వోల్టులు, సెంటర్ నెగెటివ్ (పిన్ను మధ్యలో మైనస్) ఉంటుంది. మిల్లీ ఆంప్స్ అది అడిగినన్ని ఉండాలి, ఎక్కువున్నా ఫర్వాలేదు. డిస్టార్షన్‌కీ దీనికీ ఒకే అడాప్టర్ నుంచి రెండుగా చీల్చిన వైరు లాగకు. గుయ్‌మంటే వేరేది తెచ్చుకో.

మీ మావయ్య