ఇంజిన్‌లోకి దుబ్బ పోదా? పాఠకుల ప్రశ్నలు – జవాబులు

ప్రశ్న: ఎన్నికల ప్రచారానికి మా ఊరి హైస్కూల్ గ్రౌండ్‌లో హెలికాప్టర్ దిగింది. పొద్దున్నుంచి ట్యాంకర్లతో నీళ్లు చల్లుతూనే ఉన్నారు, అయినా దిగేటప్పుడు లేచిన దుబ్బకు ఎవరూ కళ్లు తెరవలేకపోయారు. మా ట్రాక్టర్‌కే ఎయిర్ క్లీనర్ ఉంటుంది, అది దులపకపోతే బండి లాగదు. మరి హెలికాప్టర్ ఇంజిన్ అంత దుబ్బను ఎట్లా తట్టుకుంటుంది సార్? – మెకానికల్ డిప్లొమా విద్యార్థి, దేవరకొండ

జవాబు: తట్టుకోలేదు తమ్ముడూ, అందుకే దుబ్బను లోపలికి పోకముందే గాలి నుంచి విడదీయాలి. ముందు ఆ దుబ్బ ఏంటో చూడు. మన నల్లగొండ, మహబూబ్‌నగర్ చెలక నేలలు చాలావరకు గ్రానైట్ రాయి అరిగి పుట్టినవి, వాటిలో పలుగురాయి రేణువులు బాగా ఉంటాయి. పలుగురాయి గట్టిదనం మోస్ కొలతలో 7, ఇంజిన్ బ్లేడ్లకు వాడే టైటానియం 6 దగ్గర ఆగిపోతుంది. ఇంజిన్ ముందు భాగంలో గాలిని నొక్కి లోపలికి పంపేది కంప్రెసర్, నిమిషానికి వేల చుట్లు తిరిగే దాని బ్లేడ్ల మీద ఈ రేణువులు పడితే బ్లేడు అంచు అరుగుతుంది, కొన దగ్గర సందు పెరుగుతుంది, ఇంజిన్ పవర్ తగ్గుతుంది. ఇంకా ముదిరితే కంప్రెసర్ గాలిని ముందుకు నెట్టలేక వెనక్కి తన్నుతుంది, దాన్నే సర్జ్ అంటారు, నేలకు దగ్గరగా ఉన్నప్పుడు అది జరిగితే పైలట్‌కు ఏమీ చేసే టైం ఉండదు.

నీళ్లు చల్లేది ఇంజిన్ కోసం మాత్రమే అనుకోకు, అసలు భయం పైలట్‌కు నేల కనపడకపోవడం. రెక్కల కింది గాలి నేలను కొట్టి పక్కలకు పారి, మళ్లీ పైకి లేచి రెక్కల్లోకే వస్తుంది, వస్తూ దుబ్బనంతా మోసుకొస్తుంది. ఒకే దుబ్బ మళ్లీ మళ్లీ ఇంజిన్ ముందుకు వస్తుందన్నమాట.

ఇక ట్రాక్టర్ సంగతి. 50 హెచ్‌పీ ట్రాక్టర్ ఇంజిన్ సెకనుకు సుమారు 60 గ్రాముల గాలి పీలుస్తుంది. అపాచీ, బ్లాక్ హాక్ హెలికాప్టర్లలో ఉండే జీఈ టీ700 ఇంజిన్ ఒక్కటే సెకనుకు నాలుగున్నర కిలోలు పీలుస్తుంది. అంత గాలిని గుడ్డలోంచో కాగితంలోంచో లాగాలంటే ఆ అడ్డు వల్ల ఒత్తిడి పడిపోతుంది, పడిపోయిన ప్రతి కొంచెం ఒత్తిడీ పవర్‌లోంచే పోతుంది. ఈ రంగంలో వచ్చిన ప్రతి కొత్త తయారీనీ ఈ ఒక్క లెక్కతోనే చూడాలి: ఎంత దుబ్బ ఆగింది, దానికి బదులు ఎంత ఒత్తిడి పోయింది.

అన్నింటికంటే సులువైనది మలుపు. సెస్నా కారవాన్ అనే చిన్న విమానంలో పీటీ6 ఇంజిన్ ఉంటుంది, పైలట్ ఒక హ్యాండిల్ లాగితే గాలి దారికి ఒక రెక్క అడ్డం వచ్చి గాలి గట్టి మలుపు తిరగాల్సి వస్తుంది. గాలి తేలిక కాబట్టి తిరుగుతుంది, ఇసుక రేణువు బరువు కాబట్టి తిరగలేక నేరుగా పోయి వెనక ద్వారం గుండా బయట పడుతుంది. అది వాడినంతసేపు కొంత పవర్ తగ్గుతుంది, మామూలు గాలిలో మూసేస్తారు.

టీ700లో ఇదే సూత్రాన్ని ఇంజిన్ ఒంట్లోనే కలిపేశారు, నాకు అన్నిటికంటే నచ్చేది ఇదే. వియత్నాం యుద్ధంలో అమెరికా హెలికాప్టర్ల ఇంజిన్లు దుమ్ముకు తొందర తొందరగా పాడయ్యాయి, ఆ అనుభవంతో 1970లలో ఈ ఇంజిన్ రూపొందించినప్పుడు మొదటి భాగంగానే సెపరేటర్ పెట్టారు. లోపలికి వచ్చే గాలిని వంకర రెక్కలు గిర్రున తిప్పుతాయి, రేణువులు అంచుకు పోతాయి, అంచున ఉన్న గది నుంచి ఒక బ్లోయర్ వాటిని బయటకు ఊదేస్తుంది, మధ్యలోని గాలి కంప్రెసర్‌కు పోతుంది. మార్చాల్సిన ఫిల్టర్ ఏదీ లేదు, మూసుకుపోయేదీ ఏమీ లేదు. అపాచీ బాడీలు 2018 నుంచి ఆదిభట్లలో తయారవుతున్నాయి, నువ్వు సాగర్ రోడ్డు మీద ఇబ్రహీంపట్నం దాటి హైదరాబాద్ పోతుంటే ఆ ఫ్యాక్టరీలు దగ్గర్లోనే ఉంటాయి. మన వైమానిక దళం మీ-17 హెలికాప్టర్‌ను ఎప్పుడైనా దగ్గర నుంచి చూస్తే ఇంజిన్ల ముందు పుట్టగొడుగుల్లాంటి రెండు గుండ్రటి టోపీలు కనిపిస్తాయి, అవీ దుబ్బను మలుపు దగ్గర విడదీసేవే.

దీనికో లోపం ఉంది. పది మైక్రాన్ల (మైక్రాన్ అంటే మిల్లీమీటర్‌లో వెయ్యో వంతు) లోపు సన్న దుమ్ముకు బరువు చాలదు, అది గాలితో పాటే మలుపు తిరిగి లోపలికి పోతుంది. దాన్ని కూడా ఆపాలంటే బ్యారియర్ ఫిల్టర్ పెట్టాలి, ఇప్పుడు చాలా సివిల్ హెలికాప్టర్లలో అదే ఉంటుంది: తీగ జాలీల మధ్య నూనె పట్టించిన నూలు గుడ్డ పొరలు, మడతలు మడతలుగా. దుమ్ము పట్టే కొద్దీ ఇంకా సన్నటిదాన్ని కూడా ఆపుతుంది, కానీ పట్టే కొద్దీ గాలికి అడ్డమూ పెరుగుతుంది. అందుకే దానికి ముందు వెనక ఒత్తిడి తేడా కొలిచి పైలట్‌కు చూపే ఏర్పాటు, మరీ మూసుకుపోతే పక్క నుంచి గాలి వచ్చే బైపాస్ తలుపు తప్పకుండా పెడతారు. కడిగి, ఆరబెట్టి, మళ్లీ నూనె పట్టించి వాడుకోవచ్చు.

ప్రశ్న: నాకు మిర్యాలగూడలో రైస్‌మిల్లు ఉంది. ఊక, దుమ్ము పట్టడానికి మేము పెద్ద సైక్లోన్ వాడతాం, ఫిల్టర్ గుడ్డ లేకుండానే పని చేస్తుంది. అదే ఇంకా పెద్దగా చేసి ఇంజిన్‌కు పెట్టొచ్చు కదా? – ఒక మిల్లు యజమాని

జవాబు: మీరు సరైన చోటే పట్టుకున్నారు, కాకపోతే పెద్దగా చేస్తే పని చెడుతుంది, చిన్నగా చేయాలి. రేణువును అంచుకు నెట్టే బలం గాలి వేగం వర్గాన్ని వ్యాసార్ధంతో భాగిస్తే వస్తుంది. వేగం అంతే ఉంచి వ్యాసార్ధాన్ని మీటరు నుంచి ఒక సెంటీమీటరుకు తగ్గిస్తే బలం వంద రెట్లు అవుతుంది, పైగా రేణువు గోడ దాకా పోవాల్సిన దూరమూ తగ్గుతుంది. మీ ఊక పెద్దది కాబట్టి మీ పెద్ద సైక్లోన్ సరిపోతుంది, సన్న ఇసుకకు సరిపోదు.

అందుకే హెలికాప్టర్లకు రెండు మూడు సెంటీమీటర్ల గొట్టాలు చేసి, ఒక్కో గొట్టం మొదట్లో గాలిని తిప్పే చిన్న రెక్క పెట్టి, అలాంటివి వందల కొద్దీ ఒక పలకలో పక్కపక్కన అమర్చారు. వీటిని వోర్టెక్స్ ట్యూబులు అంటారు, రెండు రోటర్ల చినూక్ హెలికాప్టర్‌కు ఇవి అమరుస్తారు. దుమ్ముతో పాటు కొంత గాలి కూడా పక్కకు తీసి బయటకు పంపాలి, ఆ గాలి ఇంజిన్‌కు దక్కదు, పలక వెడల్పు కూడా ఎక్కువై ఎదురుగాలికి అడ్డు పడుతుంది. ఆ ఖర్చు ఒప్పుకునే వాడతారు.

హెలికాప్టర్‌లో ఉండేలాంటి గ్యాస్ టర్బైన్ ఇంజిన్‌తో నడిచే యుద్ధ ట్యాంకు కూడా ఉంది, అమెరికా వాళ్ల అబ్రామ్స్. అందులో దుబ్బను ముందు విడదీసే భాగమూ, వెనక ఫిల్టరూ రెండూ ఉన్నా 1991 గల్ఫ్ యుద్ధంలో ఎడారిలో సిబ్బంది మాటిమాటికీ ఆగి ఫిల్టర్లు దులుపుకోవాల్సి వచ్చింది. తర్వాత కంప్రెసర్ గాలిని వెనక నుంచి కొట్టి తనను తానే దులుపుకునే ఫిల్టర్ తెచ్చారు.

ప్రశ్న: షాద్‌నగర్ దగ్గర మా ఇంటి మీద నుంచి రోజూ విమానాలు శంషాబాద్‌కు దిగుతుంటాయి. వాటి ఇంజిన్ ముందు కనీసం జాలీ కూడా ఎందుకుండదు? పక్షులైనా ఆగుతాయి కదా. – ఒక గృహిణి

జవాబు: చాలామందికి వచ్చే డౌట్ అమ్మా ఇది. బోయింగ్ 737-800 మీద ఉండే సీఎఫ్‌ఎం56 ఇంజిన్ టేకాఫ్ సమయంలో సెకనుకు సుమారు 350 కిలోల గాలి లాగుతుంది. దాని ముందు జాలీ పెడితే మంచు పేరుకొని మూసుకుపోతుంది, పెద్ద పక్షి తగిలితే ఆ జాలీ ముక్కలే లోపలికి పోతాయి, అది పక్షి కంటే ప్రమాదం. కొన్ని యుద్ధ విమానాల్లో మాత్రం అడ్డు ఉంది: సుఖోయ్-30 నేల మీద ఉన్నప్పుడు గాలి దారిలోకి ఒక లోహపు జాలీ లేస్తుంది, ఎగిరాక మడుచుకుంటుంది. మిగ్-29లో ఇంకో పద్ధతి, ముందు ద్వారం తలుపుతో మూసి పైన ఉన్న చీలికల నుంచి గాలి తీసుకుంటుంది. రెండూ రన్‌వే రాళ్ల కోసం పెట్టినవి, దుమ్మును ఆపవు.

ప్రయాణికుల విమానంలో ముందు తిరిగే ఫ్యానే సగం కాపలా. రేణువులను అది అంచు వైపు విసురుతుంది, అంచున పోయే గాలి ఇంజిన్ మధ్యలోకి పోకుండా చుట్టూ తిరిగి వెనక నుంచి పోతుంది. లోపలికి పోయే ప్రతి కిలో గాలికి సీఎఫ్‌ఎం56లో ఐదు కిలోలకు పైగా పక్క నుంచే పోతాయి, కొత్త లీప్ ఇంజిన్‌లో ఇంకా ఎక్కువ. లీప్‌లో రెండు కంప్రెసర్ల మధ్య చిన్న తలుపులు కూడా ఉన్నాయి, నేల మీద, తక్కువ వేగంలో అవి లోపలి వైపు తెరుచుకొని ఇసుకను బయటకు దారి మళ్లిస్తాయి.

అయినా సన్నది పోతుంది. పోయింది, ఇంధనం మండి వచ్చే వేడి గాలికి తిరిగే టర్బైన్ దగ్గర కరిగి బ్లేడ్లకు అతుక్కుంటుంది, బ్లేడును చల్లబరచడానికి పెట్టిన సన్నటి రంధ్రాలను మూసేస్తుంది. గల్ఫ్ దేశాల్లో, ఉత్తర భారతంలో తిరిగే ఇంజిన్లు తొందరగా రిపేర్ షాపుకు రావడానికి ఇది పెద్ద కారణం. దీని కోసమే ఎయిర్‌బస్ ఏ320 నియో రకం విమానాలకు వచ్చే లీప్-1ఏ ఇంజిన్‌కు మార్చిన హైప్రెషర్ టర్బైన్ బ్లేడ్లకు 2024 డిసెంబరులో అనుమతి వచ్చింది. ఆ లీప్ ఇంజిన్లు రిపేర్ చేసే ఫ్రాన్స్ కంపెనీ సాఫ్రాన్ కేంద్రం 2025 నవంబరులో శంషాబాద్‌లోనే మొదలైంది, అంటే మీ ఇంటి మీద పోయే ఇంజిన్ లోపల పేరుకున్న దుమ్ము రేపు మన పిల్లల చేతుల్లోనే శుభ్రం కావచ్చు.

అన్నిటికంటే చెడ్డది అగ్నిపర్వత బూడిద. 1982 జూన్ 24న బ్రిటిష్ ఎయిర్‌వేస్ 9 నంబరు విమానం జావా దగ్గర గలుంగుంగ్ బూడిద మేఘంలోకి రాత్రిపూట తెలియక పోయింది, నాలుగు ఇంజిన్లూ ఆగిపోయాయి. కిందికి జారుతూ మేఘం దాటాక, లోపల కరిగి అతుక్కున్న గాజు చల్లారి పగిలి రాలడంతో ఇంజిన్లు మళ్లీ అంటుకున్నాయి, అద్దం మసకబారి ముందు సరిగా కనపడకుండానే జకార్తాలో దించారు. ఆ బూడిదకు ఎవరి దగ్గరా ఫిల్టర్ లేదు, తప్పించుకుపోవడమే దారి. 2010 ఏప్రిల్‌లో ఐస్‌లాండ్ అగ్నిపర్వతానికి యూరప్ ఆకాశం రోజుల తరబడి మూసింది అందుకే.

ప్రశ్న: దామరచర్ల యాదాద్రి ప్లాంట్ టర్బైన్లకు కూడా ఇట్లాంటి ఫిల్టర్లు ఉంటాయా? – ఐటీఐ విద్యార్థి, మిర్యాలగూడ

జవాబు: ఉండవు. అది బొగ్గు ప్లాంటు, అక్కడి టర్బైన్లను తిప్పేది ఆవిరి, బయటి గాలి వాటిలోకి పోనే పోదు. అక్కడ పట్టాల్సింది పొగలోని బూడిద, ఆ పని విద్యుత్ క్షేత్రంతో బూడిదను పలకలకు అంటించే ఈఎస్పీలు చేస్తాయి. నువ్వు అడిగిన ఫిల్టర్లు చూడాలంటే గోదావరి జిల్లాల్లో జేగురుపాడు లాంటి, గ్యాస్‌తో కరెంటు తీసే స్టేషన్ల వైపు పోవాలి. నేల మీద బరువుకు, జాగాకు బాధ లేదు కాబట్టి పెద్ద టర్బైన్ ముందు మేడంత ఫిల్టర్ గది కడతారు: వాన ఆపే చూరు, ముతక ఫిల్టర్, తర్వాత సన్న ఫిల్టర్. సముద్రానికి దగ్గరైతే దుమ్ము కంటే ఉప్పుతో భయం ఎక్కువ, ఉప్పులోని సోడియం ఇంధనంలోని గంధకంతో కలిసి వేడి బ్లేడ్లను తినేస్తుంది. ఇక్కడా లెక్క అదే, ఫిల్టర్ల దగ్గర 100 మిల్లీమీటర్ల నీటి మట్టమంత ఒత్తిడి పోతే ఉత్పత్తి ఒకటిన్నర శాతం దాకా తగ్గుతుంది.

ప్రశ్న: దీని మీదే ఫైనలియర్ ప్రాజెక్ట్ చేద్దామని ఉంది. తక్కువ ఖర్చులో ఏం చేయొచ్చు? – మొదటి ప్రశ్న అడిగిన దేవరకొండ విద్యార్థి

జవాబు: వోర్టెక్స్ ట్యూబు చెయ్యి. అర అంగుళం, అంగుళం, రెండంగుళాల పైపులు మూడు తీసుకో, ఒక్కో దానిలో తిప్పే రెక్క రేకుతో చేసుకో, వెనక నుంచి వ్యాక్యూమ్ క్లీనర్‌తో గాలి లాగు. బయట పడ్డ దుమ్మునూ, లోపలికి పోయి గుడ్డకు పట్టినదాన్నీ వేర్వేరుగా తూకం వెయ్యి. ముందు వెనక ఒత్తిడి తేడాకు నీళ్లు పోసిన యు ఆకారపు ట్యూబు చాలు, మట్టం ఎన్ని మిల్లీమీటర్లు దిగిందో స్కేలుతో చూడు. తూకమూ మట్టమూ రెండూ ఒకే గ్రాఫ్‌లో గియ్యి, ఎగ్జామినర్ అడిగేది అదే. ప్రపంచమంతా ఇట్లాంటి పరీక్షలకు అమెరికాలోని అరిజోనా ఎడారి దుమ్మును ప్రమాణంగా వాడతారు, నువ్వు మీ చెలక దుబ్బనే జల్లెడ పట్టి వాడు, ఏ జల్లెడో రాసిపెట్టు.

ఒక్క మాట గట్టిగా చెప్తున్నా: మాస్కు లేకుండా ముట్టుకోవద్దు. పలుగురాయి దుమ్ము ఊపిరితిత్తుల్లో చేరితే సిలికోసిస్ వస్తుంది, దానికి మందు లేదు, రాళ్లు పిండి చేసే మిల్లుల్లో పనిచేసి ఆ జబ్బు పడ్డవాళ్లు మన ప్రాంతంలోనే ఉన్నారు. ముక్కుకు కట్టిన దస్తీ ఆ సన్న దుమ్మును ఆపదు, ఎన్95 కొను. దుబ్బకు బదులు పిండి గానీ సన్న ఊక గానీ వాడదామనుకుంటే అది ఇంకా ప్రమాదం, గాలిలో పిండి కమ్ముకున్నప్పుడు మోటారు నిప్పురవ్వ తగిలితే పేలుతుంది. ఆరుబయట పెట్టుకో, తూకం అయ్యాక కింద పడ్డ దుబ్బను కొంచెం తడిపి ఎత్తు, రీడింగులు వచ్చాక మాకు పంపు, ఇదే పేజీలో వేద్దాం.