మూలకణాల జాడ తీసే చదువుకు దారి ఏది?

ప్రశ్న: మా అమ్మాయి బీఎస్సీ చివరి సంవత్సరంలో ఉంది. రసాయనశాస్త్రం, బయోటెక్నాలజీ చదువుతోంది. కణితిలో దాగిన క్యాన్సర్ మూలకణాలను రేడియోధార్మిక ట్రేసర్లతో (జాడ చూపే మందులతో) పట్టుకునే పరిశోధన గురించి చదివి, అదే చేస్తానంటోంది. వాళ్ల అమ్మకు రేడియేషన్ అంటే భయం. ఏ కోర్సులో చేర్పించాలి?
– ఓ తండ్రి, ఖమ్మం

జవాబు: ఆ పేరుతో కోర్సు వెతక్కండి, దొరకదు. ఆ పని ఒకే చదువుతో అయ్యేది కాదు. జర్మనీలోని ఫ్రైబర్గ్ విశ్వవిద్యాలయ ఆసుపత్రి పరిశోధకులు 2014లో ఎలుకల మీద చేసి చూపిన ప్రయోగమే తీసుకోండి. గ్లియోబ్లాస్టోమా అనే మెదడు కణితిలోని మూలకణాల మీద సీడీ133 అనే ప్రొటీన్ ఉంటుంది. దాన్ని అంటుకునే యాంటీబాడీకి రాగి-64 అనే రేడియోధార్మిక రాగిని తగిలించి, అలాంటి పదార్థం ఒంట్లో ఎక్కడ చేరిందో చూపే పెట్ స్కానర్‌లో చూశారు. రాగే ఎందుకంటే, యాంటీబాడీ పెద్ద అణువు. రక్తంలో తిరిగి తిరిగి కణితిలో కుదురుకోవడానికి ఒకటి రెండు రోజులు పడుతుంది. ఆసుపత్రుల్లో రోజూ వాడే ఫ్లోరిన్-18 అర్ధాయువు (సగానికి తరిగిపోయే సమయం) 110 నిమిషాలే కాబట్టి, యాంటీబాడీ గమ్యం చేరేసరికి అది దాదాపు ఖర్చైపోతుంది. రాగి-64కు 12.7 గంటల వ్యవధి ఉంది.

ఆ ప్రొటీన్‌ను ఎంచుకున్నది జీవశాస్త్రం. రాగి ఊడిపోయి కాలేయంలో చేరకుండా కట్టిపడేసింది రసాయనశాస్త్రం. అలా కట్టిపడేసే అణువును కీలేటర్ అంటారు, గ్రీకులో పీతకొండి అని అర్థం. పేరు బాగా కుదిరింది. మీ అమ్మాయికి నేను చూపించే దారి ఈ రెండోదే. సీడీ133 ఆరోగ్యకరమైన కణాల మీదా కనిపిస్తుంది. మనుషుల పెట్ స్కానర్‌కు కొన్ని మిల్లీమీటర్లకన్నా చిన్నది స్పష్టంగా ఆనదు. అందుకని ఒక్క గుర్తునే నమ్ముకుంటే రేపు అది పనికిరాదని తేలవచ్చు. లోహాన్ని అణువుకు కట్టే నేర్పు అలా కాదు. ప్రోస్టేట్ క్యాన్సర్‌ను చూపించే గాలియం-68, దానికి చికిత్స చేసే ల్యుటీషియం-177 కూడా రేడియోధార్మిక లోహాలే, వాటికీ అదే విద్య.

చదువుల సంగతికి వస్తే, ముంబయి పరేల్‌లో భాభా అణు పరిశోధన కేంద్రానికి చెందిన రేడియేషన్ మెడిసిన్ సెంటర్ ఉంది. హోమీ భాభా జాతీయ సంస్థ కింద హాస్పిటల్ రేడియోఫార్మసీలోనూ (రేడియోధార్మిక మందుల తయారీ), న్యూక్లియర్ మెడిసిన్‌లోనూ (ఆ మందులతో స్కాన్‌లు, చికిత్స) ఎమ్మెస్సీలు ఉన్నాయి. పరిశోధనే కావాలంటే ఎమ్మెస్సీ కెమిస్ట్రీ, ఆపైన సీఎస్ఐఆర్ నెట్ రాసి పీహెచ్‌డీ. దారి పొడవు, కానీ తలుపులు ఎక్కువ. ఒక హెచ్చరిక: ‘ఇమేజింగ్ టెక్నాలజీ’ అని బోర్డు పెట్టిన ప్రతి కోర్సూ న్యూక్లియర్ మెడిసిన్ కాదు. అణుశక్తి నియంత్రణ మండలి గుర్తించిన అర్హత లేకపోతే ఆ విభాగంలో టెక్నాలజిస్టుగా పనిచేయనివ్వరు. ఫీజు కట్టే ముందు ఆ గుర్తింపు కాగితం చూపించమని అడగండి. చూపించడానికి నీళ్లు నములుతుంటే అక్కడినుంచి వచ్చేయండి.

ఇక వాళ్ల అమ్మగారి భయం. దాన్ని కొట్టిపారేయను, కొలతలు చెబుతాను. రేడియేషన్‌తో పనిచేసేవారికి మన దేశంలో పరిమితి అయిదేళ్ల సగటున ఏడాదికి 20 మిల్లీసీవర్టులు (ఒంటికి సోకే రేడియేషన్‌కు కొలత). ఏ ఒక్క సంవత్సరంలోనూ 30 దాటకూడదు. ఛాతీకి పెట్టుకునే టీఎల్‌డీ అనే కొలత బ్యాడ్జి, రేడియేషన్ ఎంత సోకిందో నమోదు చేస్తూనే ఉంటుంది. గర్భవతినని తెలియజేస్తే, అక్కడినుంచి కడుపులోని బిడ్డకు 1 మిల్లీసీవర్టు మించకుండా పని మార్చాలి. బ్యాడ్జిని డ్రాయర్‌లో పడేసి పని చేసేవాళ్లను నేను చూశాను. భయపడాల్సింది ఆ అలవాటుకు.

దరఖాస్తుకు ముందు ఒక పని చేయండి. తెలిసినవారి ద్వారా అనుమతి తీసుకుని, ఏదైనా పెట్ స్కాన్ విభాగానికి అమ్మాయిని ఒక పూట పంపండి. సీసపు డబ్బాలో రేడియోధార్మిక మందు దిగుతుంది. అది క్షణక్షణం తరిగిపోతుంటుంది కాబట్టి అప్పటినుంచి అందరి కళ్లూ గడియారం మీదే. ఒక రోగి ఆలస్యమైతే ఆ తర్వాతివారికి మందు చాలుతుందా అని లెక్కలు మొదలవుతాయి. సూది వేశాక రోగిని గంటసేపు మసక గదిలో మాట్లాడకుండా పడుకోబెడతారు. ఎక్కువగా కదిలితే కండరాలు కూడా సూదిలో ఇచ్చిన గ్లూకోజులాంటి మందును లాక్కుని స్కానులో వెలుగుతాయి. ఈ హడావిడి నచ్చిందా, లేక సీసపు గోడ వెనక ఆ మందు ఎలా తయారైందో తెలుసుకోవాలనిపించిందా అని ఇంటికొచ్చాక అడగండి. మొదటిదైతే న్యూక్లియర్ మెడిసిన్ ఎమ్మెస్సీకి, రెండోదైతే రేడియోఫార్మసీకి దరఖాస్తు చేయించండి.