అన్నం తగ్గించా, రోజూ నడుస్తున్నా... అయినా బరువు ఎందుకు తగ్గడం లేదు?

ప్రశ్న: నా వయసు 41. నల్లగొండ దగ్గర ఒక మండల కేంద్రంలో టీచర్‌గా పనిచేస్తున్నాను. ఎత్తు 5 అడుగుల 2 అంగుళాలు, బరువు 76 కిలోలు. థైరాయిడ్‌కు నాలుగేళ్లుగా మాత్ర వేసుకుంటున్నాను, టీఎస్‌హెచ్ (థైరాయిడ్ పనితీరు చెప్పే రక్తపరీక్ష) ఇప్పుడు 2.8. ఈ మధ్య హెచ్‌బీఏ1సీ (మూడు నెలల సగటు షుగర్ చెప్పే రక్తపరీక్ష) 6.1 వచ్చింది. మా నాన్నకు షుగర్ ఉంది. పోయినేడు ఫోన్‌లో వీడియోలు చూసి అన్నం, రొట్టె పూర్తిగా మానేస్తే రెండు నెలల్లో 8 కిలోలు తగ్గాను. కానీ జుట్టు కుచ్చులు కుచ్చులుగా ఊడింది, నీరసం వచ్చింది. ఆ డైట్ ఆపేశాక ఆరు నెలల్లో 10 కిలోలు పెరిగాను. ఇప్పుడు మూడు నెలలుగా రోజూ పొద్దున 45 నిమిషాలు నడుస్తున్నాను. పరగడుపున జీలకర్ర నీళ్లు తాగుతున్నాను. టిఫిన్‌కు ఉప్మా లేదా దోసె, మధ్యాహ్నం బాక్సులో అన్నం, వేపుడు, పెరుగు. సాయంత్రం టీ, కొంచెం మిక్చర్. రాత్రి అన్నం బదులు మూడు చపాతీలు. మా ఇంట్లో ఐదుగురం, వంట అత్తమ్మ చేస్తారు. ఇంత చేసినా తగ్గింది ఒక్క కిలో. ఎడమ మోకాలు కూడా నొప్పిగా ఉంటోంది. ఇంకో రెండు నెలల్లో తమ్ముడి పెళ్లి. ఆలోపు 60 కిలోలకు రావాలంటే ఏం చేయాలి? ఇంజెక్షన్ వేయించుకోమని తోటి టీచర్ అంటోంది.
- ఒక పాఠకురాలు

జవాబు: మీ ఉత్తరంలో నాకు ముందుగా నచ్చింది ఆ మూడు నెలల నడక. ఇల్లు, పిల్లలు, బడి చూసుకుంటూ ఇన్నాళ్లు వదలకుండా నడిచారంటే మామూలు విషయం కాదు. దాన్ని మాత్రం ఆపకండి. అయితే బరువు తగ్గించే భారమంతా నడక మీదే వేశారు, చిక్కంతా అక్కడే వచ్చింది.

మీ బరువున్న మనిషి మామూలు వేగంతో 45 నిమిషాలు నడిస్తే ఖర్చయ్యేది దాదాపు 200 కేలరీలు. సాయంత్రం టీతో పాటు రెండు గుప్పిళ్ల మిక్చర్ తింటే అవి తిరిగి వచ్చేస్తాయి. నడక గుండెకు, బీపీకి, షుగర్‌కు, నిద్రకు చాలా మేలు చేస్తుంది. బరువు తగ్గడం మాత్రం ఎక్కువగా వంటింటి చేతిలో ఉంటుంది.

ముందు థైరాయిడ్ సంగతి. టీఎస్‌హెచ్ 2.8 ఉందంటే మాత్ర సరిగ్గా పనిచేస్తోంది. అసలు థైరాయిడ్ తగ్గినప్పుడు కూడా దాని వల్ల పెరిగే బరువు సాధారణంగా రెండు నుంచి ఐదు కిలోలే, అందులోనూ నీరు ఎక్కువ. కాబట్టి ఇప్పటి మీ బరువుకు దాన్ని కారణం అనుకోకండి. ఒక్క జాగ్రత్త తీసుకోండి. మాత్ర పరగడుపున మంచినీళ్లతోనే వేసుకోవాలి, ఆ తర్వాత కనీసం అరగంట, కుదిరితే గంట దాకా కాఫీ, టీ వద్దు. జీలకర్ర నీళ్లు కూడా ఆ గంట దాటాకే. ఐరన్, కాల్షియం మాత్రలు వాడుతుంటే నాలుగు గంటల ఎడం ఉండాలి. జీలకర్ర నీళ్లు కొవ్వును కరిగించవు. రుచి కోసం అలవాటైతే తాగండి, బరువు కోసమైతే అవసరం లేదు.

హెచ్‌బీఏ1సీ 6.1 అంటే ప్రీడయాబెటిస్, అంటే షుగర్ వ్యాధికి ముందు దశ. 5.7 నుంచి 6.4 మధ్య ఉంటే అలా అంటాం. దీనితో పాటు హిమోగ్లోబిన్, ఫెరిటిన్ (ఒంట్లో ఐరన్ నిల్వ చెప్పేది) పరీక్షలు కూడా చేయించండి. ఐరన్ లోపంతో రక్తం తక్కువగా ఉంటే హెచ్‌బీఏ1సీ ఉన్నదానికన్నా కొంచెం ఎక్కువగా కనిపించవచ్చు. జుట్టు ఊడటం, నీరసం అన్నారు కాబట్టి అది తేల్చుకోవాలి. మీ బీఎంఐ (ఎత్తుకు బరువు ఎంత ఉందో చెప్పే లెక్క) 30 దాటింది. మన దేశంలో 23 దాటితే అధిక బరువు, 25 దాటితే ఊబకాయం కింద లెక్క. తండ్రికి షుగర్ ఉంది, మీకు 6.1 వచ్చింది. అందుకే పెళ్లి కన్నా ముందు దీని గురించి ఆలోచించమంటాను.

రెండు నెలల్లో 16 కిలోలంటే వారానికి రెండు కిలోలు. నేను వద్దనడానికి కారణం పోయినేడు మీకే అనుభవమైంది. తిండి ఒక్కసారిగా కోసేస్తే శరీరం కొవ్వుతో పాటు కండను కూడా కరిగిస్తుంది. వ్యాయామం, ప్రొటీన్ లేకుండా తగ్గిన బరువులో దాదాపు నాలుగో వంతు కండే కావచ్చు. మళ్లీ పెరిగేటప్పుడు మాత్రం ఎక్కువగా కొవ్వే పెరుగుతుంది. అంటే పోయినేడు పోయిన ఆ 8 కిలోల్లో కొంత కండ పోయింది, తిరిగొచ్చిన 10 కిలోల్లో చాలావరకు కొవ్వు వచ్చింది. రోజంతా ఊరికే కూర్చున్నా కేలరీలు ఖర్చు చేసిపెట్టే కండ తగ్గింది కాబట్టి, ఇప్పుడు అదే తిండికి మీరు ముందుకన్నా తేలిగ్గా లావవుతారు. జుట్టు ఊడింది కూడా తిండి అలా ఒక్కసారిగా కోసేయడం వల్లే. శరీరం అలాంటి దెబ్బ తిన్న రెండు మూడు నెలలకు జుట్టు రాలడం మామూలే. అది తిరిగి వస్తుంది, భయపడకండి. ఇంకోసారి అదే పని చేస్తే మళ్లీ ఇదే కథ. త్వరత్వరగా తగ్గేవాళ్లలో పిత్తాశయంలో రాళ్లు రావడం కూడా చూస్తుంటాం.

వారానికి అరకిలో చొప్పున తగ్గండి. పెళ్లి నాటికి నాలుగు కిలోలు తగ్గుతారు. తక్కువ అనిపిస్తోంది కదా? కానీ షుగర్ విషయంలో అది పెద్ద తగ్గుదలే. అమెరికాలో ప్రీడయాబెటిస్ ఉన్నవాళ్ల మీద చేసిన డయాబెటిస్ ప్రివెన్షన్ ప్రోగ్రామ్ ఫలితాలు 2002లో వచ్చాయి. బరువులో 7 శాతం తగ్గడం, వారానికి 150 నిమిషాల వ్యాయామం లక్ష్యంగా పెట్టుకున్నవాళ్లలో షుగర్ రావడం 58 శాతం తగ్గింది. మీకు 7 శాతం అంటే ఐదు కిలోల పైచిలుకు, అంతే. చెన్నైలో డాక్టర్ రామచంద్రన్ బృందం చేసిన అధ్యయనం ఫలితాలు 2006లో వచ్చాయి. అందులో తిండి, నడక మార్చుకున్నవాళ్లకు బరువు పెద్దగా తగ్గకపోయినా షుగర్ ముప్పు 28 శాతం దాకా తగ్గింది. తూకం మిషన్ ముల్లు కదలని ఈ మూడు నెలల్లో కూడా మీ నడక లోపల పని చేస్తూనే ఉంది.

ఇక వంటింటికి వద్దాం. అన్నం మానేసి చపాతీ తింటే తగ్గుతామన్న నమ్మకం మన దగ్గర చాలా గట్టిది. నూనె వేసి కాల్చిన మూడు చపాతీలకు 400 కేలరీల దాకా అవుతాయి. మూడు వందల గ్రాముల అన్నం తిన్నా అంతే. కొర్రలు, అండుకొర్రలు మంచివే, పీచు ఎక్కువ. కానీ గ్రాముకు గ్రాము చూస్తే కేలరీల్లో బియ్యానికి పెద్ద తేడా ఉండదు. ఏ గింజ అన్నదాని కన్నా కంచంలో ఎంత పడుతోంది, దాని పక్కన ఏముంది అన్నది చూడాలి.

మీ బాక్సునే తీసుకోండి. మనం ముందు అన్నం నింపి, కలుపుకోవడానికి సరిపడా కూర ఓ మూలన పెడతాం. రేపటి నుంచి తిరగేయండి. ముందు కూర సగం బాక్సుకు సర్దండి, పావు వంతు గట్టి పప్పు పెట్టండి, మిగిలిన చోట పట్టినంత అన్నం. పెరుగు విడిగా తీసుకెళ్లండి. అన్నం మానేసిన బాధ ఉండదు, కడుపు కూడా నిండుతుంది.

మీరు రాసిన తిండిలో నాకు కనిపించిన పెద్ద లోటు ప్రొటీన్. ఉప్మాలో నామమాత్రం, వేపుడులో దాదాపు లేదు, చపాతీలో కొంచెం. మీకు రోజుకు 60 నుంచి 70 గ్రాములు కావాలి. ఇప్పుడు అందులో సగమే అందుతూ ఉండొచ్చు. పొద్దున ఉప్మా బదులు యాభై గ్రాముల పెసలతో రెండు పెసరట్లు వేసుకుంటే 12 గ్రాములు వస్తాయి, రెండు గుడ్లు తిన్నా అంతే. మధ్యాహ్నం పప్పుతో 9, పెరుగుతో 5. మిక్చర్ బదులు గుప్పెడు శనగ గుగ్గిళ్లు తింటే ఇంకో 6. రాత్రి వంద గ్రాముల చికెన్ లేదా చేప అయితే 20, శాకాహారమైతే పనీర్, సోయా, రాజ్మా లాంటివి. మిగతాది అన్నం, రొట్టెల నుంచే వస్తుంది. ప్రొటీన్ పౌడర్ డబ్బా కొనాల్సిన పని లేదు. కిడ్నీ సమస్య ఉన్నవాళ్లు మాత్రం డాక్టర్‌ను అడగకుండా ఇంత ప్రొటీన్ తీసుకోకూడదు. మీరు ఒకసారి క్రియాటినిన్ (కిడ్నీల పనితీరు చెప్పే రక్తపరీక్ష) చూపించుకుంటే సరిపోతుంది.

నూనె గురించి అత్తమ్మతో వాదన పెట్టుకోకండి. ఇన్నేళ్లుగా ఇంటిల్లిపాదికీ వండి పెడుతున్న మనిషికి, మీ వంట వల్లే లావయ్యాను అన్నట్టు వినిపిస్తే మనసు కష్టపడుతుంది. నెల సరుకులు రాసేటప్పుడు లెక్క మార్చండి చాలు. ఐదుగురున్న ఇంట్లో నెలకు ఆరు లీటర్ల ప్యాకెట్లు అయిపోతుంటే, మనిషికి రోజుకు 36 గ్రాములు, అంటే 320 కేలరీలకు పైనే నూనె రూపంలో లోపలికి వెళ్తోంది. మూడున్నర లీటర్లు తెప్పించండి. ఉన్నదాన్ని సర్దుకుని వండటం అలవాటవుతుంది. దొండకాయైనా బెండకాయైనా మూకుడులో మూత పెట్టి మగ్గనిచ్చి, చివర్లో రెండు చెంచాల నూనెతో తిప్పితే వేపుడు రుచి పోదు. పిల్లలు పళ్లెంలో వదిలేసింది పారేయలేక నోట్లో వేసుకునే అలవాటు తల్లులందరికీ ఉంటుంది. మీకూ ఉంటే పిల్లలకు ముందే తక్కువ పెట్టి, అడిగితే మళ్లీ వడ్డించండి.

వ్యాయామంలో మీకు కావాల్సింది రెండు మార్పులు. నడకలో మాట్లాడగలగాలి, పాట మాత్రం పాడలేకపోవాలి. అదీ సరైన వేగం. తోడు వచ్చేవాళ్లతో కబుర్లు తీరిగ్గా సాగుతున్నాయంటే వేగం చాలలేదని అర్థం. రెండు నిమిషాలు మామూలుగా, ఒక నిమిషం జోరుగా, ఇలా మార్చి మార్చి నడవండి. రాత్రి భోంచేశాక పది నిమిషాలు డాబా మీదో వీధిలోనో తిరిగితే తిన్న తర్వాత షుగర్ పెరగడం తగ్గుతుంది.

రెండోది కండకు పని చెప్పడం. వారానికి మూడు రోజులు, ఇరవై నిమిషాలు చాలు, జిమ్ అక్కర్లేదు. మీ ఇంట్లో ప్లాస్టిక్ కుర్చీ ఉంటుంది కదా, దాన్ని కదలకుండా గోడకు ఆనించండి. చేతులు గుండెల మీద కట్టుకుని, ఊపు లేకుండా లేవండి. కూర్చునేటప్పుడు ధబ్బున పడకుండా మనసులో మూడు లెక్కపెడుతూ మెల్లగా దిగండి. పదిసార్లు. నిమిషం ఆగి మళ్లీ పది, మళ్లీ పది. మొదటిరోజు ఆరో ఏడో దగ్గరే తొడలు వణుకుతాయి, అక్కడితో ఆపేయండి, రెండు వారాల్లో పది అవలీలగా వస్తాయి. తర్వాత గోడకు చేతులు ఆనించి పుషప్స్. వెల్లకిలా పడుకుని మోకాళ్లు మడిచి నడుము పైకెత్తి పట్టుకోవడం. లీటరు నీళ్ల సీసాలు రెండు చేతుల్లో పట్టుకుని భుజాల మీది నుంచి పైకెత్తడం. తేలిగ్గా అనిపించిన రోజు ఇంకొంచెం బరువు పెంచండి. పోయినేడు పోగొట్టుకున్న కండ తిరిగి వచ్చేది ఈ దారిలోనే.

మోకాలికి కూడా మందు ఇదే. ఒక కిలో బరువు తగ్గితే నడిచేటప్పుడు ప్రతి అడుగులోనూ మోకాలి మీద దాదాపు నాలుగు కిలోల భారం తగ్గుతుంది. తొడ కండ గట్టిపడితే కీలుకు ఆసరా దొరుకుతుంది. మోకాలు వంచినప్పుడు నొప్పి లేకుండా టకటక శబ్దం మాత్రమే వస్తే పట్టించుకోకండి. వాపు వచ్చినా, మోకాలు పట్టేసినా ఎముకల డాక్టర్‌కు చూపించండి.

నిద్ర గురించి మీరు రాయలేదు. పదకొండున్నరకు పడుకుని ఐదింటికి లేచి నడకకు వెళ్తుంటే మాత్రం, నడక అరగంటకు తగ్గించి అయినా సరే నిద్ర పెంచండి. నిద్ర చాలనివాళ్లకు మర్నాడు ఆకలి ఎక్కువ, తీపి మీదికి మనసు పోవడం ఎక్కువ.

ఇంజెక్షన్ల విషయం. టిర్జెపటైడ్, సెమాగ్లూటైడ్ ఇంజెక్షన్లు 2025 నుంచి బరువు తగ్గడానికి మన దేశంలోనూ దొరుకుతున్నాయి. బాగా పనిచేసే మందులే, వాటి అవసరం ఉన్నవాళ్లూ ఉన్నారు. అయితే ఆపేస్తే చాలామందికి బరువు తిరిగి వస్తుంది, ప్రొటీన్, వ్యాయామం లేకపోతే అక్కడా కండ పోతుంది. పాంక్రియాస్ వాపు వచ్చినవాళ్లు, ఇంట్లో ఎవరికైనా మెడ్యులరీ థైరాయిడ్ క్యాన్సర్ ఉన్నవాళ్లు వీటికి దూరంగా ఉండాలి. పెళ్లి తేదీ చూసుకుని మొదలుపెట్టే మందు కాదిది. ఆరు నెలలు నేను చెప్పినట్టు చేశాక కూడా కదలిక లేకపోతే ఎండోక్రైనాలజిస్ట్‌ను (హార్మోన్ల డాక్టర్‌ను) కలవండి. అప్పుడు మాట్లాడుకోవచ్చు.

వారానికి ఒక్కసారే, ఒకే రోజు, పొద్దున కాలకృత్యాలయ్యాక బరువు చూసుకోండి. నెలసరి ముందు, ఆవకాయ ఎక్కువ తిన్న మర్నాడు నీరు చేరి కిలో, కిలోన్నర పెరిగినట్టు కనిపిస్తుంది, కంగారు వద్దు. టేపుతో నడుము కూడా కొలవండి. చివరి పక్కటెముకకూ తుంటి ఎముకకూ నడిమధ్యన, ఊపిరి వదిలాక. ఆడవాళ్లకు 80 సెంటీమీటర్ల లోపు ఉండాలి. కండ పెరుగుతూ కొవ్వు తగ్గుతున్నప్పుడు ముల్లు కదలకపోయినా టేపు కదులుతుంది, జాకెట్ వదులవుతుంది.

నడిచేటప్పుడు ఛాతీలో పట్టేసినట్టున్నా, ఆయాసం మామూలు కన్నా ఎక్కువైనా, కళ్లు తిరిగినా వెంటనే ఆపి డాక్టర్ దగ్గరకు వెళ్లండి. మూడు నెలలు పూర్తయ్యాక హెచ్‌బీఏ1సీ, టీఎస్‌హెచ్ మళ్లీ చేయించండి. బరువు మారితే థైరాయిడ్ మాత్ర మోతాదు కూడా మార్చాల్సి రావచ్చు. ఆ రిపోర్టులతో పాటు నడుము కొలత కూడా నాకు రాసి పంపండి, ఆ తర్వాత ఏం చేయాలో చెబుతాను.