స్టాఫ్ నర్స్ ఇంటర్వ్యూ: ఇంగ్లీషు కంటే ముందు ఇన్సులిన్ లెక్క

ప్రశ్న: మేడమ్, మాది సూర్యాపేట దగ్గర పల్లెటూరు. ఈ ఏడాదే బీఎస్సీ నర్సింగ్ పూర్తయింది. క్లినికల్ పోస్టింగులన్నీ ప్రభుత్వ ఆసుపత్రిలోనే చేశాను. ఇంటర్ వరకు తెలుగు మీడియం. పోయిన నెల హైదరాబాద్‌లో ఒక కార్పొరేట్ ఆసుపత్రి ఇంటర్వ్యూకి వెళ్లాను. ‘టెల్ మీ అబౌట్ యువర్‌సెల్ఫ్’ బట్టీ పట్టుకుని వెళ్లి బాగానే చెప్పాను. తర్వాత నర్సింగ్ సూపరింటెండెంట్ ఇన్సులిన్ మీద ఒక లెక్క అడిగారు. నోరు పెగల్లేదు. ఇంగ్లీషు రాకే ఉద్యోగం పోయిందని ఇంట్లో అంటున్నారు. నెలాఖరులో ఇంకో ఇంటర్వ్యూ ఉంది. స్పోకెన్ ఇంగ్లీష్‌లో చేరమంటారా? ఎలా ప్రిపేర్ అవ్వాలి?

జవాబు: స్పోకెన్ ఇంగ్లీష్‌లో చేరండమ్మా, ఎప్పటికైనా పనికొస్తుంది. కానీ నెలాఖరు ఇంటర్వ్యూకి మాత్రం దాన్ని నమ్ముకోకండి. మీరు రాసిన దాన్నిబట్టి ఇంగ్లీషులో చెప్పాల్సింది చెప్పేశారు, ఆగింది లెక్క దగ్గర. ఆ లెక్క తెలుగులో అడిగినా అప్పుడు మీరు చెప్పగలిగేవారా? మీకు మీరే నిజాయితీగా జవాబు చెప్పుకోండి. చెప్పలేకపోయేవారైతే ఇంట్లోవాళ్లు చూపించే కారణం తప్పు.

ఫ్రెషర్‌కి అన్నీ తెలిసి ఉండాలని సూపరింటెండెంట్లు ఎవరూ అనుకోరు. మొదటి కొన్ని వారాలు ఎలాగూ ఓరియెంటేషన్ ఇస్తారు. ఆవిడ చూసేది ఒక్కటే: ఈ అమ్మాయిని నైట్ డ్యూటీలో వార్డులో వదిలితే పేషెంట్‌కి ప్రమాదం జరగకుండా చూస్తుందా? లెక్క అడిగినా, బయోమెడికల్ వేస్ట్ రంగులు అడిగినా, డాక్టర్ కోప్పడితే ఏం చేస్తావని అడిగినా వెనకున్నది ఆ సందేహమే. మీ ప్రిపరేషన్ అంతా దానికి జవాబుగా ఉండాలి.

ముందు ఆ ఇన్సులిన్ సంగతి తేల్చేద్దాం. ఆవిడ ఏ లెక్క అడిగారో మీరు రాయలేదు. మామూలుగా అడిగేవి రెండు. మన దగ్గర వయల్స్‌లో, అంటే చిన్న మందు సీసాల్లో వచ్చే ఇన్సులిన్ చాలావరకు మిల్లీలీటరుకు 40 యూనిట్లు. పెన్నులో వేసే కార్ట్రిడ్జ్‌లు 100 యూనిట్లు. వంద యూనిట్ల వయల్స్ కూడా దొరుకుతాయి. సిరంజిలూ రెండు రకాలు, 40 దానికి ఎర్ర మూత, 100 దానికి నారింజ రంగు మూత. ఇప్పుడు ప్రశ్న: వంద యూనిట్ల వయల్ నుంచి ఎర్ర మూత సిరంజితో 20 గీత దాకా లాగారు, పేషెంట్‌కి వెళ్లేది ఎంత? 40 సిరంజిలో 20 గీత అంటే అర మిల్లీలీటరు. అర మిల్లీలీటరులో 50 యూనిట్లు ఉంటాయి. ఇవ్వాల్సింది 20, వెళ్లింది 50. రెండున్నర రెట్లు. పేషెంట్ హైపోగ్లైసీమియాలోకి, అంటే రక్తంలో చక్కెర ప్రమాదకరంగా పడిపోయే స్థితిలోకి వెళ్లిపోతాడు. ఈ లెక్క తెలిసిన అమ్మాయి వయల్ మీద లేబుల్ చదవకుండా సిరంజి ముట్టుకోదని సూపరింటెండెంట్‌కి అర్థమవుతుంది.

రెండోది ఐసీయూ లెక్క. 50 యూనిట్ల రెగ్యులర్ ఇన్సులిన్‌తో 50 మి.లీ. ఇన్‌ఫ్యూజన్ (నెమ్మదిగా నరంలోకి ఎక్కించే ద్రవం) తయారు చేయాలి, వయల్ 40ది. యాభైని నలభైతో భాగిస్తే 1.25 మి.లీ. ఇన్సులిన్. మిగతా 48.75 మి.లీ. నార్మల్ సెలైన్. అప్పుడు ఒక మి.లీ.కి ఒక యూనిట్. గంటకు మూడు యూనిట్లు రాస్తే సిరంజి పంప్‌ని మూడు మీద పెట్టడమే. లెక్క చెప్పాక ఒక్క మాట చేర్చండి: ‘ఇది హై అలర్ట్ డ్రగ్, ఇంకో స్టాఫ్‌తో డబుల్ చెక్ చేయించి సంతకాలు పెట్టాకే మొదలుపెడతాను.’ హై అలర్ట్ డ్రగ్ అంటే పొరపాటు జరిగితే పెద్ద ప్రమాదం తెచ్చే మందు. ఒక్కోసారి లెక్క కంటే ఆ మాటకే ఎక్కువ మార్కులు పడతాయి.

ఇదే వరసలో పొటాషియం క్లోరైడ్ కూడా చూసుకోండి. 10 మి.లీ. ఆంప్యూల్‌లో 20 మిల్లీఈక్వివలెంట్లు ఉంటుంది. ఎంత అర్జెంటైనా నేరుగా నరంలోకి పుష్ చేయకూడదు, గుండె ఆగిపోతుంది. సెలైన్‌లో కలిపి, నెమ్మదిగా, పల్స్ చూసుకుంటూ ఇవ్వాలి. డ్రిప్ రేటు లెక్క ఎలాగూ అడుగుతారు. 500 మి.లీ. నాలుగు గంటల్లో వెళ్లాలి, సెట్ మి.లీ.కి 20 చుక్కలది అనుకుంటే, 500ని 20తో గుణించి 240 నిమిషాలతో భాగించండి. నిమిషానికి దాదాపు 42 చుక్కలు. మైక్రో డ్రిప్ సెట్ అయితే మి.లీ.కి 60 చుక్కలు. ఇలా మి.లీ.కి ఎన్ని చుక్కలో చెప్పే డ్రాప్ ఫ్యాక్టర్ సెట్ ప్యాకెట్ మీదే రాసి ఉంటుంది, అది చూసి లెక్క వేస్తానని చెప్పండి. పిల్లల డోసు కూడా ఒకటి చేసి పెట్టుకోండి. 12 కిలోల బాబుకి పారాసెటమాల్ కిలోకి 15 మిల్లీగ్రాముల చొప్పున 180 మి.గ్రా. సిరప్ 5 మి.లీ.లో 250 మి.గ్రా. ఉంటే 3.6 మి.లీ. పోయాలి. రోజుకి పది లెక్కలు, ఫోన్‌లో క్యాలిక్యులేటర్ తీయకుండా, తెల్ల కాగితం మీద చేయండి. ఇంటర్వ్యూలో ఇచ్చేది కాగితమే.

ఇక ఇంగ్లీషు. మీ నోట్లో ఉన్న వార్డు భాష సగానికి పైగా ఇంగ్లీషే, మీరు గమనించడం లేదంతే. బీపీ, పల్స్, క్యాన్యులా, యూరిన్ అవుట్‌పుట్, సాచురేషన్, డ్రెస్సింగ్, డిశ్చార్జ్ సమ్మరీ... వీటి మధ్య చిన్న చిన్న వాక్యాలు అతికితే చాలు. వ్యాకరణం తప్పిందని స్టాఫ్ నర్సును వద్దనే ఆసుపత్రులు తక్కువ. అడిగింది అర్థం కాకపోయినా తలూపే అమ్మాయిని మాత్రం వద్దంటారు. అర్థం కాకపోతే ‘మేడమ్, ప్లీజ్ రిపీట్’ అనండి. రేపు ఫోన్‌లో డాక్టర్ ఆర్డర్ చెబితే కూడా మీరు చేయాల్సింది అదేగా! రాసుకుని, తిరిగి చదివి వినిపించి, తర్వాత సంతకం చేయించుకోవాలి.

ప్రాక్టీసుకి నేను అందరికీ చెప్పే పద్ధతి ఒకటుంది. పోస్టింగులో మీరు స్వయంగా చూసుకున్న ముగ్గురు పేషెంట్లను గుర్తుతెచ్చుకోండి. ఒక మెడికల్ కేసు, ఒక సర్జరీ కేసు, ఒక ప్రసూతి లేదా పిల్లల కేసు. ఒక్కొక్కరి గురించి రెండు నిమిషాలు పైకి చెప్పండి. హ్యాండోవర్ ఇచ్చే వరసలోనే: ఇప్పుడు పరిస్థితి ఏమిటి, వెనక కథ ఏమిటి, మీరు ఏం గమనించారు, ఏం చేశారు లేదా ఏం చేయాలన్నారు. దీన్నే ఎస్‌బార్ అంటారు, ఈ పేరు ఇంటర్వ్యూలో వినిపించే అవకాశం ఎక్కువ. మొదట తెలుగులో చెప్పండి, తర్వాత ఇంగ్లీషులో. ఫోన్‌లో రికార్డు చేసి వినండి. పేషెంట్ పేరు మాత్రం ఎక్కడా చెప్పకూడదు, అది కూడా వాళ్లు గమనిస్తారు.

ప్రభుత్వ ఆసుపత్రిలో పోస్టింగు చేశానని తక్కువగా అనుకుంటున్నట్టున్నారు. అది మీ బలం. పాముకాటు, పురుగుమందు కేసులు మీరు చూసినన్ని సిటీ కాలేజీ పిల్లలు చూసి ఉండరు. పాముకాటు కేసునే తీసుకోండి. ‘పేషెంట్ రాగానే వైటల్స్ చూశాను. శుభ్రమైన పొడి గాజు ట్యూబులో 2 మి.లీ. రక్తం తీసి, కదపకుండా 20 నిమిషాలు ఉంచాం. గడ్డ కట్టలేదు, అంటే విషం ఎక్కినట్టే. డాక్టర్‌కి చెప్పాం. విషానికి విరుగుడైన యాంటీ స్నేక్ వీనమ్ మొదలుపెట్టేముందు, రియాక్షన్ వస్తే ఇవ్వడానికి అడ్రినలిన్ లోడ్ చేసి పక్కన పెట్టుకున్నాం. మొదటి పావుగంట మంచం దగ్గరే ఉండి దద్దుర్లు, బీపీ, ఆయాసం గమనించాను.’ ఇలా చెప్పే అమ్మాయిని ఏ ప్యానెల్ కూడా మీడియం ఏమిటని అడగదు. కాకపోతే మీరు నిజంగా చేసింది, పక్కన నిలబడి చూసింది వేరువేరుగా చెప్పండి. చూసినదాన్ని చేసినట్టు చెబితే రెండో ప్రశ్నకే దొరికిపోతారు. క్యాన్యులా పెట్టడం వచ్చా అంటే ‘పర్యవేక్షణలో పెట్టాను, చిన్న పిల్లలకు ఇంకా పెట్టలేదు’ అనడం మంచి జవాబు.

భాష విషయంలో ఇంకో మాట. హైదరాబాద్ కార్పొరేట్ ఆసుపత్రుల్లో కేరళ నుంచి, ఈశాన్య రాష్ట్రాల నుంచి వచ్చిన సిస్టర్లు బోలెడుమంది. జిల్లాల నుంచి వచ్చే పెద్దవాళ్లకు ‘కడుపులో తిప్పుతోందా, మంటగా ఉందా, పొడుస్తోందా’ అని అడిగి అర్థం చేసుకునే మనిషి వార్డుకి కావాలి. నాకు తెలుగు, కొంచెం హిందీ వచ్చు అని గట్టిగానే చెప్పండి. హిందీ రాకపోతే నెలాఖరులోగా నొప్పి ఎక్కడ, తిన్నారా, విరేచనం అయిందా లాంటి ఓ ఇరవై ప్రశ్నలైనా నేర్చుకోండి.

సిట్యువేషన్ ప్రశ్నల్లో అందరూ తడబడేది ఒకటుంది: ‘నీ వల్ల తప్పు మందు వెళ్లింది, ఏం చేస్తావు?’ ‘నేను అలా చేయను మేడమ్’ అనడం అన్నిటికంటే పాడు జవాబు. ముందు పేషెంట్ దగ్గరికి వెళ్లి వైటల్స్ చూస్తాను, వెంటనే డాక్టర్‌కి, ఇంచార్జ్ సిస్టర్‌కి చెబుతాను, వాళ్లు చెప్పినట్టు మానిటర్ చేస్తాను, జరిగింది జరిగినట్టు కేస్ షీట్‌లో రాసి ఇన్సిడెంట్ రిపోర్ట్ పెడతాను. దాచిపెట్టను. ఈ వరస మారకూడదు, పేషెంట్ తర్వాతే కాగితం.

రక్తం ఎక్కిస్తుంటే చలి, వణుకు వచ్చాయంటే కూడా అంతే. మొదట ట్రాన్స్‌ఫ్యూజన్ ఆపాలి. పాత సెట్ తీసేసి కొత్త సెట్‌తో నార్మల్ సెలైన్ పెట్టి లైన్ నిలబెట్టాలి. డాక్టర్‌కి చెప్పి, బ్యాగ్ మీద నంబరు, పేషెంట్ వివరాలు మళ్లీ సరిచూసి, బ్యాగ్‌ని సెట్‌తో సహా బ్లడ్ బ్యాంక్‌కి పంపాలి. పేషెంట్‌ని గుర్తుపట్టేది పేరు, యూహెచ్ఐడీ (ఆసుపత్రి ఒక్కో పేషెంట్‌కి ఇచ్చే ప్రత్యేక) నంబరు చూసి. బెడ్ నంబరు చూసి అన్నారో, సూపరింటెండెంట్ పెన్ను కింద పెట్టేస్తుంది.

అటెండెంట్లు అరిస్తే ఏం చేస్తావన్నది హెచ్ఆర్ వాళ్లకు ఇష్టమైన ప్రశ్న. ‘ఓపికగా ఉంటాను’ అని ఊరుకోకుండా ఏం మాట్లాడతారో చెప్పండి. ‘పెద్దాయనా, మీ బాధ అర్థమైంది, డాక్టర్‌గారికి ఇప్పుడే ఫోన్ చేస్తున్నా, పది నిమిషాల్లో నేనే వచ్చి చెబుతా’ అని, ఆ పది నిమిషాలకు నిజంగా వెళ్లడం.

మిగతావి పుస్తకంలో ఉన్నవే, ఒకసారి తిరగేస్తే చాలు. సీపీఆర్‌లో 30 కంప్రెషన్లకు రెండు శ్వాసలు, నిమిషానికి 100 నుంచి 120 వేగం. స్పృహ ఎంత ఉందో కొలిచే జీసీఎస్ స్కోరు కనిష్ఠం 3, గరిష్ఠం 15. సబ్బుతో చేతులు కడుక్కోవడం 40 నుంచి 60 సెకన్లు. వేస్ట్ బిన్నుల్లో దూది, డ్రెస్సింగులు పసుపు, ఐవీ సెట్లు, గ్లౌజులు ఎరుపు, సూదులు తెల్ల డబ్బా, గాజు వయల్స్ నీలం. ఆసుపత్రికి ఎన్ఏబీహెచ్ నాణ్యతా గుర్తింపు ఉందో లేదో, ఏ విభాగాలకు పేరుందో వాళ్ల వెబ్‌సైట్‌లో ముందురోజు చూసుకోండి. గోళ్లు కత్తిరించుకుని, జుట్టు ముడి వేసుకుని, ఇస్త్రీ చేసిన బట్టలు వేసుకుంటే చాలు. కొత్తవి కొనక్కర్లేదు.

ప్రభుత్వ ఉద్యోగాల సంగతి మీరు అడగలేదు కానీ చెప్పడం నా ధర్మం. నర్సింగ్ ఆఫీసర్ ఉద్యోగాలకు ఎయిమ్స్ వాళ్లు పెట్టే నార్సెట్‌లో ఇంటర్వ్యూ ఉండదు, ప్రిలిమ్స్, మెయిన్స్ రెండూ రాత పరీక్షలే. తెలంగాణలో మెడికల్ అండ్ హెల్త్ సర్వీసెస్ రిక్రూట్‌మెంట్ బోర్డు కూడా రాత పరీక్ష పెట్టే తీసుకుంటుంది. ప్రైవేటులో చేరినా రోజుకో గంట వాటికి చదవండి.

వెళ్లేటప్పుడు నర్సింగ్ కౌన్సిల్ రిజిస్ట్రేషన్ సర్టిఫికెట్ ఉండాలి. ఇంకా చేతికి రాకపోతే దరఖాస్తు చేసిన రసీదైనా పట్టుకెళ్లండి. ఒరిజినల్స్, రెండు సెట్ల జిరాక్స్‌లు, ఫోటోలు సరే. ఒరిజినల్స్ చూపించి వెనక్కి తీసుకోండి. కొన్నిచోట్ల ‘బాండ్ (ఇంతకాలం పనిచేస్తానని రాసిచ్చే ఒప్పందం) అయ్యేదాకా మా దగ్గరే ఉంటాయి’ అంటారు. దానికి నేనైతే ఒప్పుకోను. రేపు నార్సెట్ వెరిఫికేషన్‌కి పిలిచినా, విదేశానికి దరఖాస్తు చేసినా ఆ కాగితాల కోసం వాళ్ల చుట్టూ తిరగాల్సి వస్తుంది.

జీతం గురించి అడగడానికి మొహమాటపడకండి. 2016లో సుప్రీంకోర్టు ఆదేశంతో కేంద్రం వేసిన కమిటీ, 200కు మించి పడకలున్న ప్రైవేటు ఆసుపత్రుల్లో నర్సుల జీతం రాష్ట్ర ప్రభుత్వ నర్సులతో సమానంగా ఉండాలని, 50 లోపు పడకలున్నచోట కూడా నెలకు 20,000 రూపాయలకు తగ్గకూడదని సిఫారసు చేసింది. అది చాలాచోట్ల కాగితం మీదే ఉండిపోయింది, కాబట్టి ఆ అంకె చూపించి బేరమాడితే పని జరగదు. అయినా మీ ముందు పెట్టే జీతం ఎంత తక్కువో తెలుసుకోవడానికి అదొక కొలత. చేతికొచ్చేది ఎంత, పీఎఫ్, ఈఎస్ఐ పోగానా, హాస్టల్‌కి కోస్తారా, నెలకు ఎన్ని నైట్లు, నైట్ తర్వాత ఆఫ్ ఉంటుందా, వార్డులో ఒక సిస్టర్‌కి ఎంతమంది పేషెంట్లు? ఇవన్నీ అడగొచ్చు. చివరిది అడిగితే మీకు పని తెలుసని కూడా అర్థమవుతుంది. నాకు వచ్చే ఉత్తరాల్లో జీతం మీద కంటే, ముప్పై మందికి ఒక్కరే ఉన్నామన్న ఫిర్యాదులే ఎక్కువ.

సెలెక్ట్ అయ్యారని చెప్పి అక్కడికక్కడే బాండ్ మీద సంతకం పెట్టమంటే, ‘నాన్నగారికి చూపించి రేపు పొద్దున ఇస్తాను మేడమ్’ అనండి. మధ్యలో మానేస్తే ఎంత కట్టాలో, ఎన్ని నెలల నోటీసు ఇవ్వాలో ఆ కాగితంలోనే ఉంటుంది. దాన్ని ఫోటో తీసి పంపితే నేనూ చూసి చెబుతాను.